ఆగిన చుక్కలు

"ఆదివారం గుండె ఆసుపత్రిలో నీకేం పని?"

వీధులు ఊడ్చే ఆడవాళ్ళంతా చీపుళ్ళతో వరసగా నిలబడి ఉండగా, అందరికీ వినపడేలా అడిగాడు మేస్త్రి.

పెద్దకోడలు మెడలోని ఫోను కొంగుతో కప్పుకుంది. "చుట్టాలావిణ్ణి చూడ్డానికి బాబూ."

"చుట్టమా, జబ్బా? జబ్బయితే ఇంటికెళ్ళి పడుకో. మళ్ళీ రానక్కర్లేదు."

ఫోను కాంట్రాక్టరుది. మెడలో వేలాడాలి, సెలవు రోజున కూడా ఆపకూడదు. ఎవరెక్కడున్నదీ మేస్త్రి చేతిలోని తెరమీద చుక్కలై కనిపిస్తుంది. పనివేళ వీధిలో చుక్క కాసేపు ఆగిందంటే ఫోను దానంతటదే కూత పెడుతుంది.

"ఒంటికి పోయినా వాడికి కబురే," అని నవ్వుకునేవాళ్ళు. ఏడవలేక.

పెద్దకోడలు మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కలేదు. "ఫోను ఇంట్లో పడేసి వెళ్ళక్కా," అని తోడికోడలు చిన్నకోడలు బతిమాలింది.

"వాడు ఫోన్ చేస్తే ఎత్తేదెవరే? ఉన్న పని కూడా ఊడుతుంది."

ఆ ఆడవాళ్ళకి ఒక ఉపాయం ఉండేది. ఒకరికి నడుం పట్టేస్తే నీడన కూలబడేది. పక్కామె ఆ ఫోను కూడా మెడలో వేసుకుని ఊడ్చేది. చుక్క నడుస్తూనే ఉండేది. దాన్ని మొయ్యడం అనేవాళ్ళు.

ఆ రోజు ఎండ మండిపోతోంది. "కాస్త నన్ను మొయ్యవే, ఆయాసంగా ఉంది," అని పెద్దకోడలు ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి వెళ్ళి కూర్చుంది.

చిన్నకోడలు పెద్దరోడ్డు చివరిదాకా ఊడ్చింది. దారిలో అక్క ఫోను మోగింది. మేస్త్రి.

"హుషారుగా నడుస్తున్నావే! మీ చుట్టాలావిడకి నయమైందా?"

"ఆఁ, బాబూ," అంది చిన్నకోడలు, గొంతు మార్చి.

తిరిగొచ్చేసరికి అక్క గోడకి ఒరిగి ఉంది. చీపురు పిడి మీద వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి.

చెత్తబండి తోసే బాబాయి బండి కడిగి, దుప్పటి పరిచి, ఆమెను చీపుళ్ళు పెట్టుకునే షెడ్డుకి చేర్చాడు.

వెనకాలే మేస్త్రి దిగాడు. "ఈవిడ పనిలో చావలేదు. ఫోను ఎవరికో ఇచ్చి, పని ఎగ్గొట్టి చచ్చింది. కంపెనీకి సంబంధం లేదు. ఆ ఫోను తిప్పిందెవరు? చెప్పకపోతే అందర్నీ పనిలోంచి పీకేస్తా. పోలీసులు వస్తున్నారు."

అతను గేటు దగ్గరికి పోగానే గుసగుసలు మొదలయ్యాయి.

"నోరు మూసుకోవే, పిల్లలున్నదానివి."

"మూసుకుంటే పోయినావిడ దొంగగానే మిగులుతుందిగా!"

చిన్నకోడలు అక్క కాళ్ళమీద పడింది. "నేనే చంపుకున్నా. నేను మొయ్యకపోతే ఆ ఫోను కూసేది. ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చేవాళ్ళు."

"నువ్వు కాదే పిచ్చిపిల్లా!" బాబాయి అరిచాడు. "ఆసుపత్రికి పోనివ్వకుండా చేసినోడు చంపాడు. మనిషి కాసేపు కూర్చోవాలంటే దొంగతనం చెయ్యాల్సొచ్చింది చూడు, ఆ దొంగతనం నేర్పినోడు చంపాడు. మనం ఒక్కొక్కళ్ళనీ మోశాం. అందర్నీ కలిపి ఎప్పుడూ మొయ్యలేదు. అదీ మన తప్పు!"



పోలీసులొచ్చారు. చిన్నకోడలు కళ్ళు తుడుచుకుని ముందుకెళ్ళింది. "తిప్పింది నేనే. ఎందుకు తిప్పానో కూడా రాసుకోండి." వెళ్తూ రెండు ఫోన్లూ తీసి బాబాయి చేతిలో పెట్టింది.

స్టేషన్లో మేస్త్రి తన తెర బల్లమీద పెట్టాడు. "చూడండి సార్, వీళ్ళ మోసం ఎలా ఉంటుందో..." అంటూనే ఆగిపోయాడు.

వీధుల్లో చెల్లాచెదురుగా ఉండాల్సిన చుక్కలన్నీ ఒక్క గుంపై వస్తున్నాయి. ఇటే.

"ముందున్న చుక్క ఎవరిది?" ఇన్‌స్పెక్టరు అడిగాడు.

మేస్త్రి తెరమీదకి వంగి చూశాడు. "పోయినావిడది సార్."

బయట చెత్తబండి చక్రం కీచుమంది. కిటికీలోంచి చూసింది చిన్నకోడలు. బండిలో దుప్పటి కప్పుకుని అక్క. గుండెమీద ఫోను. వెనక రోడ్డు నిండా చీపుళ్ళు. వీళ్ళ వీధివాళ్ళే కాదు, ఎన్నడూ చూడని వీధులవాళ్ళు కూడా.

స్టేషన్ గుమ్మం ముందు బండి ఆగింది. అందరూ నేలమీద కూర్చున్నారు. పట్టపగలు, పనివేళ, నడిరోడ్డు మీద.

చుక్కలన్నీ ఆగిపోయాయి.

కాసేపటికి ఒక ఫోను కూసింది. తర్వాత ఇంకోటి. తర్వాత అన్నీ. బండిలో, అక్క గుండెమీద కూడా.

చిన్నకోడలు ఏడుస్తూనే లోపల నేలమీద కూర్చుంది.

ఫోన్లు కూస్తూనే ఉన్నాయి. ఒక్కరూ లేవలేదు.