స్కేలు పెట్టిన గీత

బల్ల మీద రెండు బ్యాటరీ ప్యాకులున్నాయి. రెండూ ఒకటే కొలత, మోచేతి పొడవు, పైన నీలం ప్లాస్టిక్ తొడుగు. ఒకటి మాత్రం కాస్త బరువు. ఈ రోజులోగా యాదగిరి వాటిలో ఒకదాన్ని ఎంచి, దాని పరీక్ష కాగితం మీద సంతకం పెట్టాలి.

ఎంచడమని పేరే గానీ, నిజానికి ఎంచడానికి ఏమీ లేదు. బరువైనదాన్నే పంపమని సేటు రాజేశం నిన్ననే చెప్పాడు. అది ఇనుము రకం. ఆటోల కోసం తెప్పించిన సెల్స్, ఆర్డరు రద్దయితే గోదాములో మిగిలిపోయాయి. వేడెక్కి అంటుకునే భయం తక్కువ, ఏళ్ల తరబడి పనిచేస్తాయి. తేలికైనది నికెల్ రకం. నమూనాకని ఒక్కటే కట్టారు.

యాదగిరికి నలభై ఎనిమిదేళ్లు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఈ షెడ్డులో బ్యాటరీలు పరీక్షించడం పదకొండేళ్లుగా అతని పని. ఈ మధ్య అతనికి అలసటగా ఉంటోంది. కాళ్లలో ఉన్న అలసటైతే కూర్చుంటే పోయేది, కళ్లలోదైతే నిద్రపోతే తగ్గేది. ఇది ఎక్కడుందో తెలియదు. పొద్దున లేచేసరికి అతనికంటే ముందే లేచి కూర్చుని ఉంటుంది.

కాగితం మీద నడిచే సమయం అన్న గడిలో డెబ్బై ఐదు నిమిషాలని ఉంది. ఆ అంకె అతను రాసిందే, మంగళవారం నాడు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పరీక్ష యంత్రం ఒక్కటే. రోజువారీ ప్యాకులన్నీ అయ్యాక, నాలుగూ నలభై ఐదుకు గానీ ఖాళీ కాదు. బీరంగూడ వైపు పోయే కంపెనీ బస్సు అయిదున్నరకు కదులుతుంది. కాబట్టి కొత్త ప్యాకును నలభై నిమిషాలు నడిపి, అయిదు నిమిషాలకోసారి వోల్టులు చూసి, గళ్ల కాగితం మీద చుక్కలు పెడతారు. తర్వాత చుక్కల వెంట స్కేలు పెట్టి, ప్యాకు ఆగిపోయే వోల్టుల గీటుకు తగిలేదాకా గీతను పొడిగిస్తారు. ఎక్కడ తగిలితే అన్ని నిమిషాలు. దీన్ని వాళ్లు స్కేలు పెట్టుడు అంటారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. యాదగిరి చేరేనాటికే ఉంది.

ఇనుము ప్యాకుకు ఆ నలభై నిమిషాల్లో చుక్కలు దిగీ దిగనట్టు, మంచం పట్టెలా తిన్నగా వచ్చాయి. స్కేలు పెడితే గీత కాగితం దాటి బల్ల మీదికి పోయింది. ఇదెక్కడి లెక్క అని తనకే సిగ్గేసి, తగ్గించి డెబ్బై ఐదు రాశాడు. ఇనుము రకం చివరిదాకా అలాగే తిన్నగా పోయి ఉన్నట్టుండి పడిపోతుందని అతనికి తెలియక కాదు. తెలిసిందాన్ని కళ్లతో చూడాల్సిన పని లేకపోతే, అది తెలియనట్టే ఉండగలడు. మనిషికి ఆ వీలు ఉంటుంది.

పదిన్నరకు బాలరాజ్ వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. మంజీర జలాశయం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు అతనిది. నీళ్లలో ఎవరైనా మునిగిపోతే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అతనికే ఫోను చేస్తారు. అతను దిగి, వెతికి, శవాన్ని ఒడ్డుకు చేరుస్తాడు. ఇన్నాళ్లూ చేతులతో ఈదేవాడు. ఇప్పుడు వాళ్ల సంఘం ఎక్కడో పాతది ఒక నీటి స్కూటరు కొని ఇచ్చింది. దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది. కొత్తది కట్టించుకోవడానికే ఈ రాక.

స్కూటరును దుప్పట్లో చుట్టి తెచ్చాడు. పడుకోబెట్టిన గ్యాస్ సిలిండరంత ఉంది. రెండు పక్కలా పట్టుకోవడానికి పిడులు, వెనక పంకా, పైన నాలుగు పచ్చ లైట్లు. పిడులు పట్టుకుని మీట నొక్కితే మనిషిని నీళ్లలో లాక్కుపోతుంది. ఛార్జి తగ్గేకొద్దీ లైట్లు ఒక్కొక్కటే ఆరిపోవాలి.

బాలరాజ్ వోల్టుల గురించి గానీ వారంటీ గురించి గానీ అడగలేదు.

"అన్నా, ఒక్కటే చెప్పు. పోంగ పోంగ ఎంతసేపటికి ఎనకకు మర్లాలె?"

యాదగిరి కాగితం చూసి డెబ్బై ఐదు నిమిషాలు నడుస్తుందని చెప్పాడు.

"అంటే పోనీకి ముప్పై అయిదు, రానీకి ముప్పై అయిదు. అయిదు దేవునికి" అన్నాడు బాలరాజ్, వేళ్లు మడుస్తూ.

తర్వాత తనంతట తనే వివరించాడు. జలాశయం అడుగున మునిగిపోయిన పాత బండ్లబాట ఒకటుంది. దానికి రెండు పక్కలా నీళ్లలోనే తుమ్మచెట్లు, వాటికి చిక్కుకున్న పాత వలలు. ఎక్కడపడితే అక్కడ పైకి లేవడానికి లేదు. బాట పట్టుకుని పోవాలి, బాట పట్టుకునే రావాలి. స్కూటరు లాగుతుంటే వీపుకు కట్టుకునే సిలిండరులో గాలి గంటన్నర వస్తుందట. చేతులతో ఈదితే అందులో సగమే.

వద్దనుకుంటూనే యాదగిరి మనసు లెక్క వేసింది. స్కూటరు యాభయ్యో నిమిషంలో ఆగితే, అక్కడి నుంచి ఈదవలసిన దూరమెంత, మిగిలిన గాలి ఎంత. గాలి తక్కువ పడుతోంది. ఇంకోసారి వేశాడు. ఇంకా తక్కువ పడింది. మంచినీళ్లు తాగొస్తానని లేచి, కుండ దగ్గరికి పోయి, తాగకుండానే తిరిగి వచ్చాడు.

అప్పటికి రాజేశం బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. సంగారెడ్డిలో వాళ్ల నాన్నకు ధాన్యం కొట్టు ఉండేది. ఏ సరుకు ముందు కదలాలో చెప్పడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

"ఇంక పెట్టలేవా సంతకం? పిల్లకు సంబంధం సూస్తున్నట్టు సూస్తున్నవేంది యాదగిరీ?"

యాదగిరి పెన్ను తీశాడు. ఒక్క పొల్లు, ఒక్క వంకర, రెండు చుక్కలు, అంతే తన సంతకం. పెట్టకుండానే పెన్ను మూత బిగించాడు. చివర చూడడం తనకు చేతకాదన్న సంగతి అప్పుడు అతనికి తట్టింది. పెళ్లికి పోతే అప్పగింతలకు ముందే లేస్తాడు. క్రికెట్ ఆటలో ఇంకో పది పరుగులు కావాలనగా టీవీ కట్టేస్తాడు. ఆస్పత్రిలో ఎవరినైనా చూడబోతే డాక్టరు వచ్చేలోగా బయటికి వస్తాడు. ఇదంతా బస్సు వేళ వల్ల వచ్చిన అలవాటని ఇన్నాళ్లూ అనుకున్నాడు. బస్సు ఒక సాకు.

"సేటూ, ఈ డెబ్బై ఐదు నేను సూసింది కాదు. నలభై దాంకనే సూసిన. ఆడికెల్లి స్కేలు పెట్టి గీసిన."

రాజేశం బాలరాజ్ వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "ఎన్నడు పెట్టలేదు స్కేలు? గిదేమన్న కొత్తనా?"

"ఆటోలకు పెట్టినం. ఆటో ఆగితే రోడ్డు మీద ఆగుతది."

అవతల వెల్డింగ్ దగ్గర బిహారీ కార్మికుల హిందీ పాట సన్నగా వినిపిస్తోంది. బాలరాజ్‌కు కోపం వస్తుందని యాదగిరి ఎదురుచూశాడు. వస్తే బాగుండేది, తిట్లు పడితే ఏదో తీరిపోయినట్టు ఉండేది. బాలరాజ్ మాత్రం ఇప్పుడు నడిపి చూడొచ్చా అని అడిగాడు, చేపల ధర అడిగినంత మామూలుగా.

షెడ్డు వెనక సిమెంటు తొట్టి ఉంది. స్కూటరులో ఇనుము ప్యాకు బిగించి, తాడుతో ఇనుప కమ్మికి కట్టి నీళ్లలోకి దింపారు. పదకొండుకు మీట నొక్కారు. పంకా తిరిగింది, తాడు బిగిసింది, నీళ్లు తొట్టి అంచుకు కొట్టుకోవడం మొదలైంది. యాదగిరి, బాలరాజ్ చెరో ఇటుకల దొంతి మీద కూర్చున్నారు. రాజేశం వచ్చి పోతూ ఉన్నాడు.

చూస్తూ కూర్చోవడం ఇంత కష్టమని యాదగిరి ఎరగడు. నలభై నిమిషాలదాకా అలవాటైన దారే. నలభై దాటాక లేచిపోవాలని ఒళ్లంతా తహతహలాడింది. నాలుగు లైట్లూ పచ్చగానే ఉన్నాయి. నలభై అయిదుకూ నాలుగే. యాభైకీ నాలుగే. డెబ్బై ఐదు రావాలని తాను లోలోపల కోరుకుంటున్నట్టు అతను కనిపెట్టాడు. ఈ మనిషి క్షేమం కోసమా అంటే కాదు. తాను గీసిన గీత నిజం కావాలని. ఇంత చెప్పేశాక కూడా లోపల ఎవడో ఇంకా ఆ గీత పక్షానే ఉన్నాడు.

యాభై రెండో నిమిషంలో పంకా చప్పుడు మారింది. నాలుగు లైట్లు రెండయ్యాయి, వెంటనే అవీ పోయాయి. తాడు వదులైంది. తొట్టిలో నీళ్లు కాసేపు ఊగి ఆగిపోయాయి.

బాలరాజ్ ఒంగి నీళ్లలోకి చూశాడు.

"మా బామ్మర్ది లెక్కనే ఉన్నదన్నా ఇది. తాగేటప్పుడు అడిగితే ఆఖరిదాంక మంచిగనే ఉన్న అంటడు. అంటనే కింద పడ్తడు."

యాదగిరికి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగా, రోజూ ఇంటికి పోగానే భార్య అడిగే మాటా తాను చెప్పే జవాబూ గుర్తొచ్చాయి. మంచిగనే ఉన్న. ఆ పోలికను అక్కడే వదిలేశాడు. ప్రతిదాన్నీ తనతో పోల్చుకునే ఓపిక కూడా లేదు.

తర్వాత నికెల్ ప్యాకు పెట్టారు. తేలిక కావడంతో స్కూటరు పైకి లేస్తుంటే, బాలరాజ్ సంచిలోంచి వలకు కట్టే సీసం గుండ్లు తీసి ముక్కు దగ్గర చుట్టాడు. పదిహేను నిమిషాలకు ఒక లైటు ఆరింది. ముప్పైకి ఇంకోటి. నలభై మూడుకు మూడోది. లాగే బలం కూడా కొంచెం కొంచెంగా తగ్గుతూ, యాభై ఎనిమిదికి ఆగింది. అంత నెమ్మదిగా నీరసించిపోవడం చూస్తుంటే యాదగిరికి వింతగా నిమ్మళమనిపించింది.

"ఇదైతే చెప్పుకుంట పోతది. ఇదే ఇయ్యుండ్రి" అన్నాడు బాలరాజ్.

రాజేశం ఊరుకోలేదు. నికెల్ రకం లోపలికి నీళ్లు జొరబడితే ఏమవుతుందో తెలుసా అన్నాడు. ఆయన మాటలో నిజముంది, అది అందరికీ తెలుసు. నడిపి చూడడం అయ్యాక మూతకు రెండు రబ్బరు చుట్లు వేసి, లోపల ఉత్త డబ్బా పెట్టి, రెండు రోజులు తొట్టి అడుగున ఉంచి చూశాకే ప్యాకు బిగించి ఇస్తానని యాదగిరి చెప్పాడు. రాజేశం కాసేపు గడ్డం గీరుకున్నాడు. సరే అన్నాడు, కానీ పోతూ పోతూ ఆగాడు.

"ఆటోల కాగితాలు మల్ల తవ్వుతవేమో. అవి తియ్యకు."

యాదగిరి రబ్బరు చుట్ల కోసం మూత కొలత తీసుకోసాగాడు. పదకొండేళ్ల గీతలు బీరువాలో ఉన్నాయి. వాటి గురించి ఆలోచించడానికి ఇంకో రోజు కావాలి, ఇంకో మనిషి కావాలి.

ఎప్పుడు వెనక్కి తిరగాలో స్కూటరు మీదే పెద్దగా రాయమన్నాడు బాలరాజ్. యాభై ఎనిమిదిలో సగం, అందులోంచి నాలుగు తీసేసి, యాదగిరి తెల్ల పెయింటుతో ఇరవై అయిదు అని రాశాడు. బాలరాజ్ తల అడ్డంగా ఊపాడు.

"ఇంక తగ్గించన్నా. వచ్చేటప్పుడు ఒక్కన్నే రాను గద."

యాదగిరి బ్రష్షు కింద పెట్టాడు. తొట్టిలో స్కూటరుకు ఆ రెండో మనిషి లేడు. ఇప్పుడు కళ్లారా చూసింది కూడా చివర కాదన్నమాట. ఎంత బరువు ఉంటారని అడిగాడు.

"నీళ్లల్ల బరువుండరు. కని ఎదురు గుంజుతరు."

యాదగిరి గుడ్డను థిన్నర్‌లో ముంచి అంకెను తుడిచాడు. రేపు పొద్దున రమ్మన్నాడు. గోనెసంచిలో ఇసుకా, పైకి తేల్చడానికి ఖాళీ డబ్బాలూ కుక్కి, స్కూటరు వెనక కట్టి మళ్లీ నడుపుదామన్నాడు. అయితే రాత్రికి సంగారెడ్డిలో అక్క ఇంట్లో ఉంటానన్నాడు బాలరాజ్. సంచి మనిషంత పొడుగుండాలని చెప్పి, తన భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు.

కాగితం మీద డెబ్బై ఐదు కొట్టేసి, యాదగిరి యాభై ఎనిమిది అని రాశాడు. పక్కన, ఒక్కరే ఉంటే అని చేర్చాడు. సంతకం గడి ఖాళీగా ఉంచి, ప్యాకును ఛార్జింగుకు పెట్టి, పొడుగాటి గోనెసంచి కోసం గోదాములోకి పోయాడు.