ఊయల కొలత

టక్.

రేకు మీద ఏదో తగిలిన చప్పుడు.

ట్రాక్టరు హోరులో అది చిన్న చప్పుడే. అయినా బెన్ని వెన్నుకు తెలిసింది. ఇనుముతో పదేళ్లుగా కాపురం చేస్తున్నవాడు మరి. ఏ రేకు ఎక్కడ మోగిందో చెవికన్నా ముందు అతని వెన్నుకు తెలుస్తుంది.

టక్... టక్.

హైవేకు అటూ ఇటూ మిరప కల్లాలు. ఎర్రగా... కంటికి ఆనినంత దూరం ఎర్రగా. మార్చి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గాలి కూడా ఘాటుగానే ఉంది — ముక్కుకు తగిలితే తుమ్ము, కంటికి తగిలితే నీళ్లు.

నందిగామలో పొద్దున ఎనిమిదింటికి బయలుదేరాడు. ముందు ట్రాక్టరు. వెనక గది. గదిలో భార్య జాయిస్. ఊయలలో మూడు నెలల పాప.

ఏదో వదులైంది, అనుకున్నాడు బెన్ని.

ఏది?

ఆ గది ఒకప్పుడు గది కాదు. ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కు. తుప్పు పట్టి, ఎవరికీ పనికిరాక, గొడ్లపాక పక్కన పడి ఉంటే తెచ్చుకున్నాడు.

బెన్నిది నందిగామలో వెల్డింగు పని. మొక్కజొన్న కోతలు మొదలయితే అతను ఊళ్లో దొరకడు. నూర్పిడి మిషన్లు పొలాల్లోనే విరుగుతాయి. విరిగిన మిషన్ మనిషి దగ్గరికి రాదు, మనిషే దాని దగ్గరికి పోవాలి. వీరులపాడు నుంచి జగ్గయ్యపేట దాకా, మూడు నెలలు, ఊరూరా తిరుగుడే.

పెళ్లయిన మొదటి ఏడు ఆ మూడు నెలలూ జాయిస్ ఒక్కతే ఉంది. రెండో ఏడు ఊరుకోలేదు.

"నేనూ వస్తా. ఎక్కడుంటే అక్కడ వండిపెడతా. ఒక గోడ, ఒక తలుపు ఉంటే చాలు నాకు."

ఒక గోడ అడిగితే నాలుగు గోడలు కట్టాడు. రేకులతో. పైన కప్పు, పక్కన చిన్న కిటికీ, వెనక తలుపు. మంచం మడిస్తే గోడకు ఆనుకుంటుంది. అప్పుడు ఇద్దరూ నిలబడడానికి చోటు వస్తుంది.

మొదటి ప్రయాణంలోనే సామానంతా కిందికొచ్చింది. కారం డబ్బా, నూనె సీసా, పెళ్లికి చదివించిన గాజు గ్లాసులు — అన్నీ కలిసి ఒకే ముద్ద. జాయిస్ నవ్వింది. చీపురు పట్టుకుని, నవ్వుతూనే ఒక మాట అంది.

"ఊళ్లో అందరి ఇనుమూ అతుకుతావు. మనింట్లో ఒక్క అర లేదు కదయ్యా!"

ఆ మాట గుచ్చుకుంది. నవ్వుతూ అన్న మాట గనక ఇంకాస్త లోతుగా గుచ్చుకుంది.

ఏడో నెలలో రెడ్డిగూడెం నుంచి పుట్టింటివాళ్లు వచ్చి జాయిస్‌ను తీసుకెళ్లారు. మొదటి కాన్పు పుట్టింట్లోనే. బిడ్డకు మూడో నెల వచ్చాకే తిరుగు ప్రయాణం. అది ఇక్కడి ఆనవాయితీ, ఎవరూ దాటరు.

ఆ ఐదు నెలలూ బెన్ని అరలు కట్టాడు.

మొగుళ్లు కొందరు ఉత్తరాలు రాసేవారట ఒకప్పుడు. ఇతను అరలు కట్టాడు.

సామాను జారకుండా ప్రతి అర అంచుకూ రెండంగుళాల ఇనప పట్టీ. పాత ట్యూబు కోసి రబ్బరు బెల్టులు. ప్రతి అరకు తలుపు, ప్రతి తలుపుకు గడియ. గ్లాసు దిగడానికి గ్లాసంత గుంట, డబ్బా పట్టడానికి డబ్బా అంత గూడు. బైబిలుకు ఒక చిన్న అర. దానికీ గడియ.

చూడ్డానికొచ్చిన మిషన్ల యజమాని సాంబయ్య వేళాకోళం చేశాడు. "ఏందిరా బెన్నీ, దేవుడు కూడా జారిపోతాడనా?"

బెన్ని నవ్వలేదు. రోడ్డు మీద అన్నీ జారతాయి.

గది తలుపుకు బయట పెద్ద గడియ పెట్టాడు, దారిలో తెరుచుకోకుండా. ఎంత కుదుపు వచ్చినా ఊడనంత బిగువుగా.

ఆఖరున ఊయల.

కప్పుకు కొక్కెం పైపైన అతికాడు. జాయిస్ పాత చీర దానికి కట్టాడు. బిడ్డ ఎంత బరువుంటుందో తెలియక, చీరలో ఇన్ని మొక్కజొన్న కంకులు వేశాడు. తాను చేసిన పనికి తానే కాసేపు మురిసిపోయాడు. ఊయల నిటారుగా దిగింది. టేపు పెట్టి కొలిచాడు. ఊయలకూ అర అంచుకూ మధ్య — జానెడు.

జానెడు చాలు అనుకున్నాడు. సుద్దముక్కతో గీత గీసి, గీత మీద కొక్కేనికి గట్టి వెల్డింగు పెట్టాడు.

ఇనుము పనివాడు. నిలిచి ఉన్నదాన్ని కొలవడం తెలిసినవాడు.

నిలిచి ఉన్న ఊయలనే కొలిచాడు.

నిన్న జాయిస్ వచ్చింది. పాపను అతని చేతుల్లో పెట్టి, చిన్నపిల్లలా ఒక్కో గడియా తీసింది, వేసింది. తీసింది, వేసింది. గడియ పడినప్పుడల్లా చప్పుడు. టక్... టక్. ఆ చప్పుడు బెన్నికి ఆదివారం గంటకన్నా బాగుంది.

"ఇవన్నీ నాకోసవే?"

బెన్ని మెడ గోక్కున్నాడు.

ఈ పొద్దున బయలుదేరేముందు, "పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాలే" అంది జాయిస్.

"ఊయల్లో వెయ్యి. ఊగతా ఉంటే దానికి కుదుపు తెలీదు."

ఆ మాట అతనే అన్నాడు. తలుపు మూసి, బయట గడియ బిగించాడు.

టక్. టక్. టక్.

కొణకంచి అడ్డరోడ్డు దాటాడు. చప్పుడు ఆగలేదు.

బెన్ని లోపలి సామానంతా మనసులోనే తడిమి చూశాడు. గరిటెలా? వాటి అరకు గడియ వేశాను. పప్పు డబ్బాలు గూళ్లలో ఉన్నాయి. గ్యాసు పొయ్యిని బోల్టులతో బిగించాను. ఇన్నింటిలో ఒక్కటి... ఒకే ఒక్కటి తప్పించుకుంది. పోనీలే, చిల్లకల్లులో టీకి ఆగినప్పుడు చూసి బిగిస్తే సరి. నూటికి ఒక్కటి వదులవడం పెద్ద తప్పా?

కల్లాల ఎరుపు వెనక్కి పోతోంది. ఈల వేద్దామనుకున్నాడు కూడా.

టక్ టక్ టక్.

ఆగింది.

టక్ టక్ టక్.

రోడ్డు ఇక్కడ నున్నగా ఉంది. అద్దంలా ఉంది. వదులైన డబ్బా గుంటలో పడితే మోగుతుంది. నున్నటి రోడ్డు మీద ఊరుకుంటుంది.

టక్ టక్ టక్.

మూడు. ఆగడం. మళ్లీ మూడు.

సామానుకు మూడు లెక్కపెట్టడం రాదు.

బెన్ని కాలు బ్రేకు మీద పడింది. ఎప్పుడు దూకాడో తెలియదు. చెప్పు ఒకటి ట్రాక్టరు కిందే ఉండిపోయింది. గది చుట్టూ పరిగెత్తి గడియ పట్టుకున్నాడు. గడియ రాలేదు. ఎంత కుదుపుకూ ఊడకుండా అతను బిగించిన గడియ... అతని చేతులకే లొంగలేదు. లాగాడు. గుద్దాడు. తిట్టాడు. వేలు చీరుకుని నెత్తురొచ్చాక, అప్పుడొచ్చింది.

తలుపు తెరిచాడు.

అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

ఒక్క గ్లాసు కదల్లేదు. ఒక్క డబ్బా జరగలేదు. బైబిలు దాని అరలో నిటారుగా నిలబడి ఉంది. ఇంత కుదురైన ఇల్లు నందిగామ మొత్తంలో ఉండదు.

జాయిస్ నేల మీద ఉంది. ముందు గోడకు వీపు ఆనించి, పాపను ఎడమ చేత్తో గుండెకు అదుముకుని. కుడి అరచెయ్యి వాచి, కల్లంలో మిరపపండులా ఎర్రగా ఉంది.

ఖాళీ ఊయల ఇంకా ఊగుతోంది. ఊగి, అర అంచును తాకి వెనక్కి వస్తోంది. ఒట్టి గుడ్డ కదా, చప్పుడు లేదు.

"ఎంతసేపు కొట్టానయ్యా... ఇనపళ్లేదా?"

వినపడింది.

మొదటి దెబ్బ నుంచీ వినపడింది. ఆ మాట ఏ నోటితో చెబుతాడు?

"ఊరు దాటగానే పెద్ద కుదుపొచ్చింది. నా చెయ్యి జారింది. ఊయల పోయి ఆ పట్టీకి కొట్టుకుంది. ఒక్కసారి ఏడ్చింది. అంతే... మళ్లీ ఏడవలా. ఫోన్ చేసా, ఎత్తలా. గరిటెతో కొడదామంటే ఆ గడియ ఒంటిచేత్తో రాలా."

అతని జేబులో ఫోన్ ఉంది. తొమ్మిదిసార్లు మోగింది. ట్రాక్టరు మీద ఒళ్లంతా అదురుతుంటే, గుండె మీద అదిరే ఫోన్ ఎవరికి తెలుస్తుంది?

పాప కణత మీద బొప్పి. రెండంగుళాల పట్టీ అంచు అక్కడ గీతలా పడింది. పాప కళ్లు తెరిచే ఉన్నాయి. అతన్నే చూస్తోంది... లేక అతని వెనక వెలుతురును చూస్తోందో. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండును. దేవుడా, ఒక్కసారి ఏడిస్తే బాగుండును.

బెన్ని కదల్లేదు. అన్నీ బిగించినవాడు తానే బిగుసుకుపోయాడు.

కల్లంలో మిరపకాయలు ఏరుతున్న ఒకావిడ తట్ట పడేసి పరిగెత్తుకొచ్చింది. ఎవరో, ఏ ఊరో తెలియని మనిషి. వచ్చీ రాగానే కసిరింది. "నిలబడి చూత్తావేందయ్యా! పేట ఆసుపత్రికి పదండి ముందు!"

ఆటో ఆపింది కూడా ఆమే. ట్రాక్టరు రోడ్డు పక్కన ఉండిపోయింది. వెనక గది తలుపు బార్లా తెరిచే ఉండిపోయింది.

జగ్గయ్యపేట ఆసుపత్రిలో చీటీ రాసే అమ్మాయి అడిగింది. "పాప పేరు?"

వచ్చే ఆదివారం చర్చిలో పెట్టాలనుకున్నారు. ఇంకా లేదు. 'జాయిస్ పాప' అని రాసుకుంది.

పరీక్ష చేసిన డాక్టరు గొంతు తగ్గించి చెప్పాడు. "ఇప్పుడే ఏమీ చెప్పలేనండి. సాయంత్రం దాకా చూడాలి. వాంతి చేసుకున్నా, మత్తుగా అనిపించినా వెంటనే పిలవండి."

లోపలికి తల్లి ఒక్కతే. తలుపు మూస్తూ నర్సు జాయిస్‌కు చెప్పింది. "ఏమన్నా అయితే తలుపు కొట్టమ్మా. బయట మీ ఆయన ఉంటాడుగా."

ఉంటాడుగా.

బెన్ని బల్ల మీద కూర్చున్నాడు. ఒక కాలికి చెప్పు లేదు. వేలి మీద నెత్తురు ఎండిపోయింది. కిటికీలోంచి మిరప ఘాటు ఇక్కడికీ వస్తోంది. ఎవరో తుమ్మారు. ఫ్యాను తిరుగుతోంది. మందుల బండి వెళ్లింది. అతనికి ఏదీ పట్టలేదు. తలుపు వైపే చెవి పెట్టి, వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. లోపలి నుంచి చప్పుడు రాకూడదనుకున్నాడు. వస్తే ఒక్కటి కూడా తప్పిపోకూడదనుకున్నాడు.

పదకొండయింది. పన్నెండయింది.

టక్.

రెండో దెబ్బ కోసం అతను ఆగలేదు.