ముందు వరస కుర్చీ

బళ్ళారి కంటోన్మెంట్‌లో తెల్లదొరల కాలం నాటి గిడ్డంగి ఒకటి ఉంది. చుట్టూ రాతిగోడ, పైన రేకులు. లోపల నేల మీద సున్నంతో గీతలు గీసి, నడుమ వల కట్టి, క్లబ్బువాళ్ళు అందులో షటిల్ ఆడేవారు. ఇండోనేషియా నుంచి సులస్త్రి అనే పేరున్న ఆటగత్తె ఆ షెడ్డులో ఆడబోతోందని తెలిసింది మొదలు దేశనూరు నారప కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆమె పక్కన జోడీగా నిలబడి ఆడేది నారప కోడలు హనుమక్క.

నారప మాటకారి కాదు. తుంగభద్ర కాలువ నీళ్ళు వచ్చాక మాగాణి అయిన పొలం, ఎద్దులు, గట్లు, ఇవే ఆయన లోకం. సిరుగుప్ప సంతకు పోయినా పని చూసుకొని మౌనంగా తిరిగివచ్చే మనిషి. ఆ వారం మాత్రం ఎదురైన ప్రతివాడినీ ఆపి చెప్పాడు.

"మా కోడలప్పా. దేశం గాని దేశం నుంచి వచ్చిన యమ్మ పక్కన నిలబడి ఆడతాది."

"అంతమంది మొగోళ్ళ నడమ కోడలిని ఎగరనిస్తావా, నారపా?" అని ఒకాయన ఎకసెక్కమాడాడు.

"ఎగిరితే ఏమైతాదప్పా? మర్యాద తెలిసిన పిల్ల. పెండ్లయి వచ్చినప్పటినుంచీ దాని గొంతు నా చెవిన పడలేదు."

ఆ మాట నిజమే. ఆ పక్క ఇళ్ళలో కోడలు మామ ఎదుట నోరెత్తదు. ఆయన పడసాలలోకి వస్తే లేచి తలుపు చాటుకు పోతుంది. అన్నానికి పిలవాలంటే గాజులు కదిలిస్తుంది. ఆ సద్దు విని నారప పెళ్ళాం తిమ్మమ్మ, "వడ్డించిందంట, లెయ్యి" అంటుంది. హనుమక్క కంటోన్మెంట్‌లోనే పుట్టి అక్కడి బడిలోనే ఆట నేర్చిన పిల్ల. నారప కొడుకు మాధవకు బళ్ళారిలో గుమాస్తా ఉద్యోగం కాబట్టి, పెళ్ళయ్యాక కూడా కాపురం అక్కడే, ఆట అక్కడే. అయినా దేశనూరుకు వచ్చినప్పుడు ఈ పద్ధతి ఆమె ఏనాడూ తప్పలేదు. నారప దాన్ని తన ఇంటి గౌరవంగా లెక్కవేసుకున్నాడు.

ఆటనాడు ఆయన తెల్ల రుమాలు తలకు చుట్టుకొని, అతిథుల భోజనానికని కొత్త బియ్యం మూట బస్సు మీద వేయించుకొని వచ్చాడు. క్లబ్బు కార్యదర్శి వీరభద్రప్ప ఎదురొచ్చి చెయ్యి పట్టుకొని తీసుకుపోయాడు. ముందు వరసలో, ఆట గీతకు దగ్గరగా వేసిన కుర్చీలో కూర్చోబెట్టాడు.

మాధవ వెనకనుంచి వచ్చి తండ్రి చెవి దగ్గర వంగాడు. "నాయనా, ఎనకల కూసుందువు రా. ఈడ గాలాడదు."

"నాకేం ఉక్క లేదు. నువ్వు పో."

మాధవ మెడ గోక్కుంటూ, ఆటగత్తెలు రావలసిన తలుపు వైపు ఒకసారి చూశాడు.  వెనక్కి పోయాడు.

వీరభద్రప్ప మైకు అందుకొని సులస్త్రి సంగతి చెప్పాడు. జావాలో కాఫీగింజలు ఆరబోసే కళ్ళంలో, చెక్కపలకను బ్యాటుగా చేసుకొని ఆ పిల్ల ఆట మొదలుపెట్టిందట. జోడీ కూడా ఆ వీధి పిల్లేనట. ఇద్దరూ కలిసి జకార్తాలో గెలిచారు, మలయాలో గెలిచారు, ఓడెక్కి చలిదేశాలకు పోయి అక్కడా గెలిచారు. నడుమ ఆ రెండో పిల్లకు పెళ్ళయి బిడ్డ పుడితే, ఇంకొకరిని జోడీ చేస్తామని పెద్దలు ఎంత చెప్పినా సులస్త్రి ఒప్పుకోలేదట. బిడ్డను తన తల్లి ఒళ్ళో పెట్టి ఆ పిల్ల తిరిగి వచ్చేదాకా ఆట మానుకొని కూర్చుందట. ఇప్పుడు ఆ జోడీ మద్రాసులో జ్వరంతో పడుకొని ఉంది. అందుకే ఈ ఒక్క ఆటకు హనుమక్క.

"ఇంకో మాటప్పా" అన్నాడు వీరభద్రప్ప, మైకు పక్కన పెట్టి నారప వైపు వంగి. "ఆ మూల కూసున్న కళ్ళద్దాలాయన బెంగళూరు మనిషి. మైసూరు రాష్ట్రం జట్టుకు పిల్లల్ని ఏరేది ఆయనే. నీ కోడలి ఆట చూడనీకే వచ్చినాడు. ఈపొద్దు కుదిరితే కుదిరినట్టు, లేదంటే లేదు."

హనుమక్క తెల్లచీర కచ్చ పోసి, కొంగు నడుముకు దోపుకొని, సులస్త్రితో ఏదో అని నవ్వుతూ లోపలికి వచ్చింది. ముందు వరసలో మామను చూసింది. నవ్వు ఆగిపోయింది. దోపిన కొంగు లాగి తల మీదికి కప్పుకుంది. నారప పొంగిపోయాడు. ఆ మర్యాద ఎవరెవరు చూశారోనని అటూ ఇటూ చూసుకున్నాడు.

అవతలి పక్క బెంగళూరు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. ఆట మొదలైంది. ఈకల బంతి పైకి లేచినప్పుడు సులస్త్రి "నాదీ!" అని అరిచింది. పొద్దున నేర్చుకున్న తెలుగు మాట. పరదేశపు నోట వింతగా పలికేసరికి షెడ్డంతా నవ్వి ఈలలు వేసింది. ఇద్దరాటలో ఎవరు అందుకుంటారో వాళ్ళు అరవాలని నారపకు అప్పుడు తెలిసింది. గెలుపు తమదేనన్నట్టు ఆయన కూడా మీసం కింద నవ్వుకున్నాడు.

కాసేపటికి బంతి ఇద్దరి నడుమకు వచ్చింది. సులస్త్రి ఆగింది. హనుమక్కా ఆగింది. బంతి నేల మీద పడింది. మళ్ళీ అట్లాగే ఇంకొకటి. సులస్త్రి దగ్గరికి వచ్చి తన నోటి వైపు వేలు చూపి, అరవమన్నట్టు చెయ్యి ఆడించింది. హనుమక్క తల ఊపింది. నోరు మాత్రం తెరవలేదు. బంతి బంతికీ ఎడమచేత్తో కొంగు సర్దుకుంటూనే ఉంది.

"బ్యాటు కొనిచ్చినారు గానీ నోరు కొనియ్యలేదప్పా!" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"మూగదేమో పాపం."

"యాడి మూగప్పా? నిన్న సాయంత్రం ఈ యమ్మతోనే ఆడతా ఎట్ల అరిచిందనుకున్నావు! రేకులు అదిరినాయి."

నారప వెనక్కి తిరగబోయి తిరగలేదు. అప్పటినుంచి బంతిని చూడటం మానేసి కోడలిని చూడసాగాడు. కాలువ రాకముందు ఆయన గుంతలోంచి మడికి గూడబుట్టతో నీళ్ళు చల్లినవాడే. చెరొక పక్క నిలబడి తాళ్ళు పట్టుకొని గూడ ఊపే ఇద్దరూ ఒకరికొకరు పలుకుతూ ఉండాలి. ఒకడు మౌనంగా ఉంటే గూడ వంకరపోయి నీళ్ళన్నీ మళ్ళీ గుంతలోకే. ఇక్కడా అదే జరుగుతోంది. ఎందుకు జరుగుతోందో తెలిసీ తెలియనట్టు ఆయన ఇంకా కూర్చునే ఉన్నాడు.

అంతలో బంతి ఎత్తుగా లేచి సరిగ్గా నడుమకు దిగింది. ఈసారి ఇద్దరూ ఉరికారు. హనుమక్క బ్యాటు సులస్త్రి కనుబొమ్మకు తగిలింది. తెల్ల చొక్కా మీద నెత్తురు పడింది. షెడ్డంతా లేచి నిలబడింది.

హనుమక్క నోరు తెరిచింది. అందరూ చూశారు. ఒక మాట, అయ్యో అనో, తప్పయిందమ్మా అనో, పెదవుల దాకా వచ్చింది. ముందు వరస వైపు చూసి నోరు మూసుకుంది. బయటికి రాని ఆ మాటను మింగుకొని, దెబ్బ తగిలిన మనిషి చెయ్యి పట్టుకొని ఊరికే నిలబడింది.

ఆ చూపు నారప మీద పడింది. అందులో కోపం లేదు. ఉంటే ఆయనకు కొంచెం నయంగా ఉండేది. చేసిన తప్పుకు మన్నించమని అడగడానికి కూడా మామ అనుమతి కావాలన్నట్టు ఉంది.  సంతలో తాను చెప్పుకొని తిరిగిన మాట, ఆ గర్వం, ఇందాక అటూ ఇటూ చూసుకోవడం, అన్నీ గుర్తొచ్చి నారపకు సిగ్గేసింది.

దూది అంటించుకొని సులస్త్రి మళ్ళీ నిలబడింది. మొదటి ఆట పోయింది. కళ్ళద్దాలాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నారప లేచాడు.

"యాడికప్పా? కడాకు ఆ యమ్మకు దండ నువ్వే వెయ్యల్ల" అన్నాడు వీరభద్రప్ప.

"ఒంటికి పోయొస్తా."

అబద్ధం. బయట గోడ పక్కన టీ కాచే హులిగెప్ప బల్ల ఉంది. వాడు నారపను ఎరగడు.

"బర్రి యజమాన్రే, రాండి, కూసోండి. లోపల ఎట్లుంది ఆట?"

"ఒకటి పోయింది."

"పోక ఏమైతాది! ఆ పిల్ల మామంట, ఊర్నుంచి దిగినాడంట. దిష్టి గుమ్మడికాయ మాదిరి ముందర్నే కూసున్నాడంట. ఆయప్ప ఉంటే అది నోరెట్ల తెరుస్తాది?" టీ గ్లాసు ముందుకు తోసి వాడే మళ్ళీ అన్నాడు. "మంచి పిల్లప్పా. ఆట ఇడిసినాక ఈడికొచ్చి నన్ను ఎగతాళి పట్టిస్తాది. 'హులిగెప్పా, టీలో నీళ్ళు పోసినావా, నీళ్ళలో టీ పోసినావా' అంటాది. నవ్విందంటే రోడ్డు అవతలికి ఇనపడల్ల."

నారప గ్లాసు అందుకున్నాడు. దారిన పోయే టీ మనిషికి తెలిసిన నవ్వు. తన ఇంట్లో, తనకు ముద్ద వడ్డించిన మనిషి నవ్వు. అది ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియదు.

లోపల "నాది!" అని కేక వినబడింది.

పరదేశపు యాస కాదు. కోడలి గొంతు సన్నగా ఉంటుందని ఆయన ఎందుకో అనుకునేవాడు. అది లావుగా, కొంచెం బొంగురుగా, అవతలి గట్టు మీది మనిషిని పిలిచే గొంతులా ఉంది.

"అద్దో! అదే" అని హులిగెప్ప పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. "మామ లేసిపోయినట్టుండాడు."

నారప రాతిగోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. లోపల కేకలు, "నాది", "నీది", సులస్త్రి నవ్వు, చప్పట్లు. రెండో ఆట గెలిచారని అరుపులు చెప్పాయి. మూడోదాంట్లో చప్పట్లు ఒకసారి వీళ్ళకు, ఒకసారి వాళ్ళకు పోతూ వచ్చాయి. చివరికి షెడ్డంతా అయ్యో అంది. కొంచెంలో పోయింది. మొదటి ఆట నిలబడి ఉంటే ఈ మూడోది ఆడే పనే ఉండేది కాదు. ఆ మొదటిది ఎవరు పోగొట్టారో గోడకు ఈవల ఉన్న ఆయనకు తెలుసు. టీ చల్లారిపోయింది.

మాధవ వచ్చి దండ వేయడానికి రమ్మన్నాడు. నారప తలవంచుకొని లోపలికి పోయి సులస్త్రి మెడలో దండ వేశాడు. కనుబొమ్మ ఉబ్బి ఉంది. ఆమె చేతులు జోడించి, ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"నీ కోడలిది మంచి గొంతంట" అన్నాడు వీరభద్రప్ప. "మొదటి ఆటలో ఎందుకు దాచిపెట్టుకుందని అడుగుతాంది. కొత్త గదా, భయపడిందని చెప్తా."

"భయం కాదప్పా. నేను ఎదురుగా కూసుంటిని. అది చెప్పు."

"అదెట్ల చెప్పేది నారపా? వాళ్ళకేం అర్థమైతాది?"

"చెప్పు."

వీరభద్రప్ప నసుగుతూ చెప్పాడు. సులస్త్రి విన్నది. చెయ్యి ఎత్తి కనుబొమ్మ మీది దూదిని తడుముకుంది. నారపను చూసింది. నవ్వలేదు, తిట్టలేదు, తల మాత్రం నెమ్మదిగా ఊపింది. నారప ఆమె కళ్ళలోకి చూడలేక ఆమె కాలి బూట్లు చూశాడు.

కళ్ళద్దాలాయన ముందుకు వచ్చాడు. "అమ్మా, వచ్చే నెల బెంగళూరులో జట్టు క్యాంపు ఉంది. వస్తావా?"

అడిగింది హనుమక్కను. అందరూ చూసింది నారపను. మాధవ చూశాడు, వీరభద్రప్ప చూశాడు, అడిగిన పెద్దమనిషీ ఇటే తిరిగాడు. హనుమక్క కొంగు ముందుకు లాక్కొని నేల చూస్తోంది. పొమ్మని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అదీ ఆయన ఇచ్చిన సెలవే అవుతుంది. నారప చెప్పులు వేసుకొని, ఎవరితోనూ చెప్పకుండా బయటికి నడిచాడు.

బస్సు ఆగే చోట మాధవ ఆయాసపడుతూ వచ్చి అందుకున్నాడు.

"నాయనా, తినకుండా పోతాండావేంది? నీ బియ్యమే వండినారు."

"ఆకలి లేదు."

"క్యాంపుకు పోతానని చెప్పింది నాయనా."

"ఎవురితో?"

"అందరితో. నేను నోరు తెరిచే లోపలే."

"గట్టిగా చెప్పిందా?"

"గట్టిగానే."

నారప రుమాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. చెమట తుడవడానికి పట్టే సమయం కన్నా ఎక్కువసేపే తుడుచుకున్నాడు.

"ఇంటికి రా. రేపు పోదువు" అన్నాడు మాధవ.

"వద్దురా. ఈపొద్దు ఆ పిల్లను ఇంట్లో మాట్లాడుకోనీ."

సిరుగుప్ప బస్సు వచ్చింది. లోపల సంతలో తెలిసిన మారన్న జరిగి చోటిచ్చాడు.

"ఏమప్పా నారపా! కోడలి ఆట ఎట్లుండె?"

నారప కిటికీలోంచి బయటికి చూశాడు.

"చూడలేదప్పా" అన్నాడు. "బయట ఉంటిని."