బండ నడుమ తెలుపు

మామయ్య రిటైరైన మర్నాడు కూడా అత్తమ్మ ఆయన డ్యూటీ బట్టలు ఉతికింది. ఆ బట్టలు ఇక ఎవరూ వేసుకోరని ఆమెకు తెలుసు. అయినా పెరట్లో బండ ముందు కూర్చుని, ఖాకీ చొక్కాకు సబ్బు రుద్ది బాదుతూనే ఉంది. నల్లనీళ్లు కాలువలోకి పోతున్నాయి. నేను పక్కన నిలబడి టీ తాగుతున్నాను. అత్త ఉతుకుతుంటే కోడలు టీ తాగడం మా క్వార్టర్ల లైన్లో చిన్న వార్తేం కాదు. పక్కింటి సమ్మవ్వ అప్పటికే రెండుసార్లు తొంగి చూసింది.

"నేను ఉతుకుతా అత్తమ్మా."

"నువ్వు బాదితె గుండీలూడుతయ్. నిమ్మలంగ చాయ్ తాగు."

ముందురోజు సన్మానం జరిగింది. తెలంగాణ జేఏసీ దీక్షలకు వాడిన షామియానాయే తెచ్చి వేశారు, గులాబీ రంగు మరకలతో సహా. యూనియన్ లీడరు మాట్లాడాడు, పాస్టరు గారు ప్రార్థన చేశారు. "మా అంద్రెయన్న ఒక్క దినం మస్టరు పోకుంట డ్యూటీ చేసిండు" అని అందరూ ఒకటే పొగడ్త. ఏ షిఫ్టుకైనా టైముకు లేపిందెవరు, సద్ది కట్టిందెవరు, బొగ్గుబాయి నుంచి వచ్చిన బట్టల్ని తెల్లారేసరికి మళ్లీ మనిషి వేసుకునేలా చేసిందెవరు అని ఒక్కరూ అడగలేదు. నేను ఇంజనీరింగ్ అయ్యాక కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. అదీ ఇలాంటి పనే. సరిగ్గా చేసినంత కాలం నువ్వున్నావని ఎవరికీ తెలియదు. దండలయ్యాక ఫొటోగ్రాఫర్‌కి గుర్తొచ్చి, "అమ్మా, మీరు గూడ రాండ్రి" అన్నాడు. షామియానా వెనక బిర్యానీ వడ్డిస్తున్న అత్తమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి ఓ చివర నిలబడింది. ఫొటోలో ఆమె సగమే పడింది.

భోజనాల దగ్గర మా ఆయన డానీ ఒక ప్రకటన చేశాడు. క్వార్టర్ ఖాళీ చేసి నస్పూర్‌లో కట్టుకున్న ఇంటికి మారాలి కదా, ఆ ఇంటికి వాషింగ్ మెషీన్ బుక్ చేశానన్నాడు. అత్తమ్మ మెల్లగా, "నా బండ గూడ ఏస్కపోదం రా" అంది. మగవాళ్లంతా నవ్వారు.

"సిమెంటుల పాతిన బండనే అది. పీకుతె కాలువ గూడ వస్తది" అన్నాడు మామయ్య.

డానీ నవ్వు ఆపకుండానే, "ఇంకో మాట నాన్నా. మేం గూడ బెల్జియం నుంచి వాపస్ వస్తున్నం. హైదరాబాద్ పోస్టింగ్‌కు ఓకే చెప్పిన. డెబీకేముంది, బొమ్మలు యాడున్నా గియ్యొచ్చు" అన్నాడు.

డెబీ అంటే డెబోరా. అంటే నేను. ఆ కబురు నాకూ అప్పుడే తెలిసింది, వాషింగ్ మెషీన్ తర్వాత.

యాడున్నా గియ్యొచ్చు. ఏడేళ్ల క్రితం ఆయన ఉద్యోగం కోసం బెల్జియంలోని గెంట్ ఊరికి వెళ్లినప్పుడు నా వీసా మీద, ఈమె ఉద్యోగం చేయకూడదు అని రాసి ఉంది. ఇంటిపని ఉద్యోగం కాదు కాబట్టి అది చేసుకోవచ్చు. ఒక చలిరోజు కూరగాయలకని వెళ్లి, వేళ్లు కొంకర్లు పోతుంటే ఏదో తలుపు తెరిచి ఉందని లోపలికి దూరాను. అది బొమ్మలు అచ్చు వేసే నేలమాళిగ. పెద్ద ఇనుప చక్రమున్న ప్రెస్సు, దాని పక్కన హిల్డా అనే ముసలామె. ఆమె నన్ను వెళ్లమనలేదు, ఒక చీపురిచ్చింది. మొదటి ఏడాది ఊడ్చాను. తర్వాత రాగిరేకు మీద సూదితో గీయడం, ఆ గీతల్లోకి ఇంకు కూరడం, పైన మిగిలింది అరచేత్తో తుడిచేయడం నేర్చుకున్నాను. ఇంట్లో వంటబల్ల మీద రంగులేసేదాన్ని. డానీ వచ్చే వేళకు బల్ల ఖాళీ కావాలి, కూర ఉడకాలి. "నా బల్ల మీద నీ మసేంది" అనేవాడు. ఆయన స్నేహితులు, "మీ మిసెస్ హాబీ భలే ఉంది" అనేవాళ్లు. ఆ హాబీ గెంట్‌లో మూడు ప్రదర్శనలకు వెళ్లింది. లిస్బన్‌కు వెళ్లింది. ఒక మ్యూజియం నా బాయి దారుల బొమ్మల్ని కొన్న రోజు కూడా నేను సాంబారే పెట్టాను, ఎందుకంటే ఆ రోజు బుధవారం. ఇప్పుడు హిల్డాకు చేతులు వణుకుతున్నాయి. జూన్ నుంచి వర్క్‌షాప్ నువ్వే నడపాలి అంది. డానీ ఉద్యోగంతో పనిలేకుండా, నా పేరు మీదే నివాస కార్డు కూడా వచ్చింది. ఆ మాట చెప్పినప్పుడు డానీ "చూద్దాంలే" అన్నాడు. ఆయన చూసిందిదన్నమాట.

అత్తమ్మ బట్టలు ఆరేసి, బండ మీద నీళ్లు పోసి, చేత్తో ఒకసారి తడిమింది. పశువును తడిమినట్టు. నేను లోపలికెళ్లి సూట్‌కేసు తెరిచాను. కొందరు ఎక్కడికెళ్లినా ఊరగాయ తీసుకెళ్తారు. నేను ఇంకు డబ్బా, చిన్న రోలరు, పల్చటి కాగితం చుట్ట తీసుకెళ్తాను.

బండ ఎండాక దాని మీద ఇంకు పరిచాను.

"ఏంది పిల్లా, కడిగిన బండకు మల్ల నలుపు పూస్తున్నవ్?"

"నీ బండను తీస్కపోదాం అత్తమ్మా. కాగితం మీద."

ఆమె నన్ను నమ్మలేదు కానీ కాగితం రెండో కొస పట్టుకుంది. బండ మీద పరిచి, స్టీలు గరిటె వెనక వైపుతో రుద్దాం. ఆమె రుద్దుడు నాకన్నా గట్టిగా ఉంది. కొసలు పట్టుకుని లేపాం. అంచుల్లో బండ గరుకంతా వచ్చింది, చుక్కలు, చీలికలు, ఒక మూల విరిగిన పెంకు. నడుమ మాత్రం మూరెడు తెలుపు.

"నడుమంత అంటలే గద. మల్ల కొట్టు."

"మల్ల కొట్టినా అంటదు. ఆడ గుంత పడ్డది, రోలరు తాకది. నువ్వు బట్టలు బాది బాది అరగదీసిన జాగ అది."

 అత్తమ్మ చేతిని కొంగుకు తుడుచుకుని, కాగితానికి తగలకుండా ఆ తెలుపు మీద కాసేపు ఆనించినట్టు పట్టుకుంది. మామయ్య పేపరు చేత్తో పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. ఆయనకు నా బొమ్మలతో పాత పేచీ ఉంది. ముందుగదిలో నేనిచ్చిన బొమ్మ కింద 7/20 అని ఉంటుంది. ఇరవై ప్రతుల్లో ఏడోది అని ఎన్నిసార్లు చెప్పినా, వచ్చినవాళ్లందరికీ "మా కోడలు మంచిగనే గీస్తది గని, ఇరవైకి ఏడే ఏసిండ్రు, పాసు గాలే" అని బాధపడుతూ చూపిస్తాడు.

"దీనికెన్ని మార్కులు బిడ్డా?"

ఒక్కటే ప్రతి. కింద పెన్సిల్‌తో 1/1 అని రాశాను.

"అబ్బో, గిది పాసైంది" అన్నాడు.

నేను నా పేరు రాయబోతుంటే అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది. "నీ దాంట్ల నీ పేరు రాస్తవ్. మరి నా బండ మీద నా పేరుండొద్దా?"

పెన్సిల్ ఇచ్చాను. సండే స్కూల్లో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో, నాలుక కొంచెం బయటపెట్టి, సుసన్నా అని రాసింది. దాని పక్కన నేను డెబోరా అని రాశాను. ఇద్దరి పేర్లలోనూ ఇంటాయన పేరు లేదని మామయ్య గమనించినట్టు లేదు. కాగితాన్ని తీగ మీద, డ్యూటీ చొక్కా పక్కన, క్లిప్పులతో వేలాడదీశాం.

"మెషీనొస్తున్నది గద, ఇగ నీకు గూడ రిటైర్మెంటే" అన్నాడు మామయ్య.

"మెషీన్ల ఏసేదెవరు? తీసేదెవరు?" అంది అత్తమ్మ, చొక్కా ముడతలు లాగుతూ. తర్వాత ఆయన వైపు చూడకుండానే, "రేపటి నుంచి ఎవల బట్టలు ఆల్లే మెషీన్ల ఏస్కోండ్రి" అంది. ఆ గొంతులో కోపం లేదు. షిఫ్టు దిగినవాడు టోపీ లైటు అప్పజెప్పినట్టు చెప్పింది. మామయ్య పేపరు మడిచాడు, మళ్లీ విప్పాడు.

డానీ ఫోను చెవికి పెట్టుకుని గడపలోకి వచ్చాడు. "డెబీ, ఏజెంట్ లైన్ల ఉన్నడు. బెల్జియం పోయే వాపస్ టికెట్లు రెండు క్యాన్సిల్ చెయ్యాలె. జల్ది నీ పాస్‌పోర్ట్ నంబర్ చెప్పు."

నా చేతులకు ఇంకు ఉంది. తుడుచుకోలేదు.

"ఒక్కటే క్యాన్సిల్ చెయ్యమను డానీ" అన్నాను. "నీది."