బావ లేని చోటు

మేనకోడలి ఫోను వచ్చేసరికి బొంగరం ఒక కుట్టుమిషన్ బల్ల కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"మామయ్యా, అమ్మని ఇంటికి తీసుకొచ్చేశాం. ఇంకా ఆస్పత్రిలో ఉంచి లాభం లేదన్నారు. నిన్ను రమ్మంటోంది."

"సాయంత్రం వస్తాలే."

"ఇప్పుడే రమ్మంటోంది."

అతను బెల్టు బిగించి, ఒక పాత గుడ్డముక్క మీద జానెడు కుట్టు వేసి చూసి, చేతులు తుడుచుకుని బయల్దేరాడు. బస్సు కోసం ఆగలేక నడిచాడు. ఎప్పుడూ అంతే. అతనికా పేరు పెట్టింది అక్కే. తల్లి పోయేనాటికి ఆమెకు పదిహేనేళ్ళు, అతనికి ఆరు. అన్నం పెడదామంటే ఒకచోట నిలిచేవాడు కాదట; పళ్ళెం పట్టుకుని ఇల్లంతా వెనక తిరిగేదట. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆ తీరు మారలేదు. ఊళ్ళో బట్టలు కుట్టే కార్ఖానాలన్నీ తిరిగి మిషన్లు బాగుచేయడం అతని వృత్తి. ఒకచోట కూర్చునే ఉద్యోగమైతే నాలుగు రోజులకే పిచ్చెక్కేదని అతనే అంటాడు.

అక్క ఉండేది రెండో అంతస్తులో. మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపారు. మనిషి సగమైపోయింది గానీ కళ్ళు మాత్రం అవే. తమ్ముణ్ణి చూడగానే, "వచ్చావా, కూర్చో" అంది.

అతను కూర్చోలేదు. కిటికీ రెక్క కిర్రుమంటోందని దాని సంగతి చూశాడు. వంటింట్లో కుళాయి కారుతోందని అటు వెళ్ళాడు. తిరిగొచ్చి మంచం కోళ్ళు కదిపి చూశాడు.

"నన్ను మోయడానికి మంచం బాగానే ఉందిరా. నీతో మాట్లాడాలి" అంది అక్క.

"చెప్పు, వింటున్నా."

"నాకొక్క మాట ఇవ్వాలి. నువ్వు కూడా అక్కడికి వస్తానని."

ఎక్కడికని అతను అడగలేదు. అక్క పెళ్ళికి ముందు నుంచీ ప్రభువుని నమ్ముకున్న మనిషి. ఒక్క ఆదివారం మానింది లేదు. అతను నమ్మడు. చిన్నప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని వెళ్ళేవాడు, మీసాలు వచ్చాక మానేశాడు. ఆమె ఎన్నడూ బలవంతం చేయలేదు. ఇప్పుడే మొదటిసారి అడుగుతోంది.

"నేనక్కడికొచ్చి ఏం చెయ్యనే? అక్కడ ఏదీ చెడిపోదంటారుగా. బాగుచేసేవాడికి పనేముంటుంది?"

"పని లేకపోతే పాటలు పాడుకుందువుగాని."

"నా గొంతు వింటే ఉన్నవాళ్ళంతా లేచి కిందకి దిగిపోతారు."

ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. మేనకోడలు పరుగున వచ్చి వీపు నిమిరింది. దగ్గు తగ్గాక అక్క అతని వైపే చూస్తూ, "నవ్వులాట కాదురా. ఆలోచించుకో" అంది.

మర్నాడు వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. ప్రతిసారీ ఆమె అదే అడిగేది, అతను ఏదో ఒకటి అని తప్పించుకునేవాడు. ఇంట్లో బాగుచేయడానికి ఇక ఏమీ మిగల్లేదు. బీరువా తాళం, గోడ గడియారం, మిక్సీ, చివరికి కింది అంతస్తు వాళ్ళ గేటు గొళ్ళెం కూడా అయిపోయాయి. లేని నమ్మకం ఉందని చెప్పడం అతనికి చేతకాదు. చిన్నప్పుడు చక్కెర తిని తినలేదన్నందుకు అక్క రెండు రోజులు మాట్లాడలేదు. అబద్ధం ఆడకూడదని నేర్పింది ఆమే. ఇప్పుడు తనతోనే ఆడమంటోంది.

అసలు కారణం వేరే ఉంది. అది నోట రాకుండా ఇరవై మూడేళ్ళుగా గొంతులోనే దాచుకున్నాడు.

బావ కటింగ్ మాస్టరు. యాభై పొరల బట్ట ఒక్కసారే కోసినా గీత చెదిరేది కాదు. దేవుడి మాటెత్తితే, "ఉంటే ఉండనీ, నేనాయన జోలికి పోను, ఆయన నా జోలికి రాకపోతే చాలు" అనేవాడు. ఆదివారం అక్కని ప్రార్థన మందిరం దాకా దింపి, బయట గోడ మీద కూర్చుని పేపరు చదువుకుంటూ, అయ్యాక తీసుకొచ్చేవాడు. వానొస్తే గొడుగేసుకుని అక్కడే ఉండేవాడు. లోపలికి రమ్మని ఎవరు పిలిచినా నవ్వి ఊరుకునేవాడు.

ఒక మధ్యాహ్నం బావ పనిచేసే కార్ఖానాలో మంటలు లేచాయి. గుడ్డలు దొంగతనంగా బయటికి పోతున్నాయని ఓనరు అంతకుముందే వెనక తలుపుకి తాళం వేయించాడు. ముందు మెట్లంతా పొగ. బావ కిటికీ ఊచలు వంచి బయటపడ్డాడు. పడ్డవాడు ఊరుకోలేదు. మళ్ళీ లోపలికి వెళ్ళి ఇద్దరు ఆడవాళ్ళని లాక్కొచ్చాడు. మళ్ళీ వెళ్ళి మరో ఇద్దరిని తెచ్చాడు. మూడోసారి వెళ్ళినవాడు రాలేదు.

అప్పటి ముసలి పాస్టరు ఓదార్చడానికి వచ్చి, అందరి ముందూ కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు: "మంచి పనులు మనిషిని రక్షించవమ్మా. నీ భర్త ప్రభువుని ఎరుగకుండా పోయాడు. నువ్వు బిడ్డని భక్తిలో పెంచుకో." అక్క తలొంచుకుని విన్నది. పక్కనే నిలబడ్డ బొంగరం బయటికి వెళ్ళిపోయి ఊరంతా తిరిగి సాయంత్రానికి వచ్చాడు.

ఓనరుకి జైలు పడింది. జైల్లో మారుమనసు పొందాడు, బాప్తిస్మం తీసుకున్నాడు. బయటికొచ్చాక అక్క వెళ్ళే మందిరానికే వచ్చి, తాను మారిన సంగతి అందరి ముందూ సాక్ష్యం చెప్పి, ఆమె కాళ్ళ మీద పడి ఏడ్చాడు. ఆమె అతని తల మీద చెయ్యి వేసింది. రెండేళ్ళ కిందట ఆ ఓనరు ముసలితనంతో పోతే, పరలోక మహిమలోకి వెళ్ళాడని సంబరంగా పాటలు పాడారు. అక్క కూడా ఆ వరసలోనే నిలబడింది. బొంగరం రోడ్డుకి అవతల నుంచి చూశాడు.

ఆరో రోజున అక్కకి ఆయాసం ఎక్కువైంది. అయినా అదే మాట.

"ఊరికే నోటితో అనరా. నా తృప్తి కోసం. నువ్వు లేకుండా అక్కడ నాకేం బాగుంటుంది చెప్పు?"

ఆ మాటతో అతని నోరు జారింది.

"నేను లేకపోతే బాగోదా? మరి బావ లేకపోతే బాగుంటుందా?"

"ఒరే..."

"అక్కడ ఆ ఓనరు ఉంటాడు. బావ ఉండడు. మీ పెద్దాయన చెప్పింది అదేగా! తలుపుకి తాళం వేసినవాడు లోపల, మంటల్లోకి దూకినవాడు బయట. అది చాలక, అక్కడ ఎవరికీ ఏడుపే ఉండదంటారు. బావ లేకపోయినా నీకు ఏడుపు రాకూడదంటే ఆయన్ని మర్చిపోవాలి. అంతేగా? ఆయన్ని మర్చిపోయి, ఆ ఓనరు పక్కన నిలబడి పాటలు పాడుతుంటే, అది నువ్వేనా? నువ్వు కానిదానితో కలిసి ఉండటానికి నేనెందుకు రావాలి? దేవుడు ఉన్నాడో లేడో తర్వాత సంగతక్కా. ఉన్నాడన్నా సరే, అలాంటి చోటు నాకొద్దు."

అక్క మెల్లగా గోడ వైపు తిరిగింది.

మేనకోడలు అతని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. "ఇవాళో రేపో అన్నట్టున్న మనిషితోనా మామయ్యా నీ వాదన! నాన్న సంగతి ఆవిడకి తెలీదనుకున్నావా?" అంటూ ఏడ్చింది.

రెండు రోజులు అతను కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. ఒక కార్ఖానాలో సూది అమర్చబోయి వేలికి గుచ్చుకున్నాడు. ఇంకోచోట విప్పిన మోటారు మళ్ళీ బిగించలేక, "రేపొస్తా" అని చెప్పి వచ్చేశాడు. నలభై ఏళ్ళలో పని సగంలో వదిలేయడం అదే మొదటిసారి. భోజనానికి కూర్చుని లేచిపోయాడు. అన్నది నిజమే, అందులో అనుమానం లేదు. కానీ నిజమైనంత మాత్రాన అనాలా? ఎవరి మీద కసి ఎవరి మీద తీర్చుకున్నాడు? ఆలోచించేకొద్దీ కాళ్ళు ఆగలేదు.

మూడో రోజు ఉదయం ఆ కాళ్ళు అతన్ని ప్రార్థన మందిరానికి తీసుకెళ్ళాయి. ముసలి పాస్టరు ఎప్పుడో పోయాడు. ఇప్పుడున్నాయన ముప్పై ఐదేళ్ళవాడు. చొక్కా చేతులు మడుచుకుని కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు.

"మీకొక పని చెప్పడానికి వచ్చాను. మా అక్కని చూడ్డానికి వెళ్ళినప్పుడు, మా బావ అక్కడ ఉన్నాడని చెప్పండి" అన్నాడు బొంగరం.

పాస్టరు చేతిలో కుర్చీ దించాడు. "మీరు నమ్మరు కదండీ?"

"నేను నమ్మను. ఆవిడ నమ్ముతుంది. మీరు చెబితే నమ్ముతుంది."

"నాకు తెలియకుండా ఉన్నాడని ఎలా చెప్పమంటారు?"

"లేడని మాత్రం ఎలా చెప్పారు?"

"నేను చెప్పలేదండీ."

"మీ పెద్దాయన చెప్పాడు. మీరు కాదనలేదు. ఇరవై మూడేళ్ళుగా ఆవిడ మీ మందిరంలో కూర్చుని పాడుతోంది. ఒక్కరైనా అడిగారా, అమ్మా నీ మనసులో ఏముందని?"

పాస్టరు మరో కుర్చీ అందుకున్నాడు. బొంగరం ఊరికే నిలబడటం చేతకాక తనూ కుర్చీలు పేర్చడం మొదలెట్టాడు. పేరుస్తూనే అన్నాడు: "మీరు అబద్ధం చెప్పరు. నేనూ చెప్పను. ఇద్దరం నిజాయితీపరులమే. మధ్యలో ఆవిడొక్కతే నలిగిపోతోంది."

"మా నాన్న కూడా నమ్మకుండానే పోయాడండీ" అన్నాడు పాస్టరు. "ఆ మాట వచ్చిన ప్రతిసారీ నేను వేరే మాటలోకి వెళ్ళిపోతాను. బోధించేటప్పుడు కూడా."

బొంగరం అతని వైపు చూశాడు. పోట్లాడదామని వచ్చినవాడికి పోట్లాట దొరకలేదు. మిగిలిన కుర్చీలు ఇద్దరూ కలిసి పేర్చారు.

అతను వీధిలోకి వచ్చేసరికి మేనకోడలి ఫోను. "అమ్మ పిలుస్తోంది. పోట్లాడకు మామయ్యా, నీకు దణ్ణం పెడతా."

అక్క దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నేను అలా అనకూడదక్కా. తప్పయింది."

"రా. తలుపు దగ్గరగా వెయ్యి." అతను దగ్గరికి వచ్చాక ఆమె ఆగి ఆగి చెప్పింది. "ఆదివారం ఆ లోకం గురించి పాట వస్తుంది చూడు... ఇన్నేళ్ళూ నేను పెదాలు మాత్రం కదిపానురా. గొంతు రాలేదు. పక్కవాళ్ళకి తెలియనివ్వలేదు."

"అక్కా..."

"ఆ ఓనరుని క్షమించాను. అది నటన కాదు. ఏళ్ళు పట్టింది, అయినా క్షమించాను. క్షమించడం వేరు, మీ బావ లేకుండా వాడి పక్కన కూర్చోవడం వేరు. అలా అనుకుంటే పాపమేమోనని నాలో నేను కూడా అనుకోలేదు. నువ్వు పైకి అనేశావు."

"నోరు జారాను."

"మంచిదే అయింది. రెండు రోజులు గోడ కేసి చూస్తూ అదే ఆలోచించా. వెళ్ళగానే ముందు అడిగేది మీ బావ ఎక్కడనే. లేడంటే, ఆయన ఉన్నచోటికే నన్నూ పంపమంటా."

"పంపకపోతే?"

ఆమె కోపంగా చూసింది. "నేను నమ్మినవాడు అలాంటివాడు కాదు. ఆ ముసలాయన నమ్మినవాడి సంగతి నాకు తెలీదు."

అతనికి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. కిటికీ దగ్గరికి వెళ్ళబోయాడు.

"తిరగకు. నిన్ను మాట ఇవ్వమని ఇంక అడగను. అక్కడికి రాకపోతే పోనీ. ఇక్కడున్నన్నాళ్ళు రా. వచ్చి కూర్చో, నిలబడకు."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. రెండు నిమిషాలకి, "కాలు ఊపకురా, మంచం అదురుతోంది" అంది.

ఆ తర్వాత ఆమె తొమ్మిది రోజులు బతికింది. అతను రోజూ వచ్చాడు. బావ గురించి మాట్లాడుకున్నారు. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఆయన ఊసెత్తితే అందరూ మాట మార్చేవారు. ఆయన వానలో గొడుగేసుకుని పేపరు తలకిందులుగా పట్టుకుని నిద్రపోయిన రోజు చెప్పి అక్క పగలబడి నవ్వింది. పాస్టరు ఒకసారి వచ్చాడు. ఏ బోధా చేయలేదు. "ఆయన గురించి నాకూ చెప్పండమ్మా" అని అడిగి, గంటసేపు విని వెళ్ళాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, మేనకోడలు నీళ్ళు తాగిస్తుండగా, ఆమె పోయింది. బొంగరం అప్పుడు ఊరి రెండో కొసన ఒక మిషన్ ముందున్నాడు. పరుగెత్తుకొచ్చినా అందలేదు.

సమాధి దగ్గరికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే అతని భుజం తట్టి అన్నారు: "ఇక మీ అక్కకి విశ్రాంతి. ప్రభువు సన్నిధిలో హాయిగా ఉంది." అతను తలూపాడు. లోపల మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. ఆమెని వాళ్ళేమీ ఎరగరనిపించింది. వాళ్ళు చెప్పే చోటంటూ ఉంటే, ఆమె అక్కడ హాయిగా ఉండదు. కొంగు బిగించి గదిగదీ వెతుకుతూ, అడిగినవాళ్ళనే మళ్ళీ అడుగుతూ ఉంటుంది. అలాంటి చోటేదీ లేకపోతే, ఆమె ఎక్కడా లేదు. రెండింటిలో ఏది తలుచుకున్నా అతనికి కుదురు లేదు.

అందరూ వెళ్ళాక మేనకోడలూ అతనూ గేటు బయట నిలబడ్డారు.

"మామయ్యా, నిజం చెప్పు. అమ్మ ఎక్కడుందంటావు?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. పిల్ల మొహం చూస్తే చెప్పేయాలనే ఉంది.

"నాకు తెలిసినంతలో ఎక్కడా లేదమ్మా. అందుకే నాకింత కష్టంగా ఉంది."

ఆమె కోప్పడలేదు. కళ్ళు తుడుచుకుని, "నాకైతే ఉందనే అనిపిస్తోంది. అయినా కష్టంగానే ఉంది" అంది.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఎక్కుతారా అన్నట్టు చూశాడు. ఇద్దరూ కదల్లేదు. బస్సు వెళ్ళిపోయింది.

"నడుద్దామా?" అంది మేనకోడలు.

"చాలా దూరం."

"పర్లేదు. ఇంటికెళ్ళినా కూర్చోలేను."

అతను ఆమె చేతిలో సంచి తీసుకున్నాడు. ఇద్దరూ నడవడం మొదలెట్టారు.