తోడల్లుడి పెన్సిల్ లెక్క

ఆదివారం పొద్దున అమ్మాయి ఒక ఫైలు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. తనకు పబ్లిక్ హెల్త్‌లో పీజీ సీటు వచ్చింది. అప్పు చేసి చదవాలా, ఉన్న ఉద్యోగంలోనే ఉండిపోవాలా అన్నది ఈరోజే తేల్చుకోవాలి. రేపు మధ్యాహ్నంలోగా లోన్ ఫారం బ్యాంకులో ఇవ్వాలట.

కళ్లద్దాలు తుడుచుకుని పై కాగితం తీశాను. పెన్సిల్ రాత. నిటారుగా నిలబడ్డ అంకెలు, ప్రతి మొత్తం కిందా రెండు గీతలు. ఆ రాత ఎవరిదో నాకు తెలుసు, మా తోడల్లుడిది.

"ముందు పెదనాన్నకు చూపించావా?"

"మొన్న అటు వెళ్లినప్పుడు చూపించాను నాన్నా. ఆయన ముప్పయ్యేళ్లు బ్యాంకు లోన్ల సెక్షన్‌లోనే చేశారుగా."

"చేశాడు. నేనేమో ముప్పయ్యేళ్లు గాడిదలు కాశాను."

"నువ్వు స్టాటిస్టిక్స్ చెప్పావు."

"పెద్ద తేడా లేదులే."

అది నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా భార్య ఉన్నప్పుడు అంటుండేది, "మా బావగారి చెప్పులు మెరిసినా మీకు కుళ్లే" అని. అప్పుడు కాదని వాదించేవాణ్ని. ఇప్పుడు వాదించడానికి మనిషి లేదు కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఆయన పింఛను నాకన్నా ఎక్కువ. మోకాళ్లు నాకన్నా గట్టివి. ఆయన కొడుకు సాఫ్ట్‌వేర్‌లో నెలకు తొంభై వేలు తెచ్చుకుంటున్నాడు. వాడు కొత్త కారు మా వాకిట్లో ఆపి హారన్ కొట్టిన రోజున నేను టీలో చక్కెర వేసుకోవడం కూడా మరిచిపోయాను. ఇవన్నీ సరే. నా కూతురు లెక్క అడగడానికి కూడా ఆయన దగ్గరికే వెళ్లాలా?

పెన్సిల్ కాగితాలు చదవకుండానే పక్కకు నెట్టేశాను. తెల్ల కాగితం తీసి, స్కేలు పెట్టి, పెన్నుతో నా సొంత పట్టిక గీశాను. రెండేళ్ల చదువుకు అప్పు ఆరు లక్షలు. తర్వాత ఐదేళ్లపాటు నెలకు పన్నెండు వేల ఏడు వందల వాయిదా. డిగ్రీ చేతికొచ్చాక జీతం ముప్పై ఎనిమిది వేలు. వాయిదా పోగా మిగిలేది పాతిక. ఆ పక్క వరుసలో వాడి తొంభై. గంటన్నర పట్టింది. అందంగా వచ్చింది.

అమ్మాయి పెరట్లో కుళాయి దగ్గర తన పొడుగు కాడ గరిటె కడుగుతోంది. అది వంట గరిటె కాదు. మునిసిపల్ ఆరోగ్య విభాగంలో దాని పని ఇల్లిల్లూ తిరిగి, డ్రమ్ముల్లో నీళ్లు ముంచి, దోమ పిల్లలున్నాయేమో చూడటం.

"ఈ చదువు వద్దమ్మా," అన్నాను. "నీకు మిగిలేది పాతిక. అక్కడ అన్నయ్య తొంభై తెస్తున్నాడు."

తడి చేతులతోనే కాగితం అందుకుని, పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇందులో నేనెక్కడున్నాను?"

"ఈ వరుస నువ్వే."

"అది చదివాక నేను. ఇది అన్నయ్య. ఇప్పటి నేనేదీ? ఇరవై నాలుగు వేల నేను?"

నా పట్టిక వైపు మళ్లీ చూశాను. ఏటా మొదటి క్లాసులో పిల్లలకు చెప్పిన మాట ఒకటుంది. మందు పనిచేసిందో లేదో తేలాలంటే, మందు లేకపోతే ఆ మనిషి ఎలా ఉండేవాడో చూడాలి. పక్కవీధి పహిల్వానుతో పోల్చకూడదు. ముప్పయ్యేళ్లు ఆ మాట చెప్పి, ఇవాళ సొంత కూతురి పక్కన పహిల్వాన్ని నిలబెట్టాను.

"నాకు కుళ్లు లేదనుకున్నావా నాన్నా?" అంది గరిటె విదిలిస్తూ. "మూడు వీధుల జ్వరాలన్నీ ఒకే లీకు పైపు చుట్టూ ఉన్నాయని ఏడాది కిందటే నా నోటుబుక్కులో రాసి, పైవాళ్లకు చూపించాను. పట్టించుకున్నవాడు లేడు. డిగ్రీ ఉన్న మేడమ్ ఒకావిడ వచ్చి అదే మాట చెప్పింది. రెండు రోజుల్లో పైపు మార్చేశారు. నాకన్నా రెండేళ్లు చిన్నది. ఆమెను చూస్తే ఒళ్లు మండిపోతుంది నాకు."

"పోనీలే, నా పోలిక ఎక్కడికి పోతుంది," అన్నాను. ఇద్దరం నవ్వాం.

అప్పుడు చదివాను పెన్సిల్ కాగితాలు. ఆయన మొదటి వరుసలోనే ఇరవై నాలుగు వేలు ఉన్నాయి. ఉద్యోగం మానేసి రెండేళ్లు చదివితే ఆ జీతం కూడా పోతుందని, అది ఐదు లక్షల డెబ్బయ్యారు వేలని రాశాడు. నాకు ఆ సంగతి తట్టనే లేదు. కింద ఇంకో దారి. అదే కాలేజీలో, అదే సీటుతో వారాంతపు క్లాసులు, మూడేళ్లు. ఉద్యోగం ఉంటుంది, అప్పు నాలుగు లక్షలే. వాయిదా ఎనిమిదిన్నర వేలు, పెరిగే జీతం పద్నాలుగు. నెలకు ఐదున్నర మిగులు. ఐదేళ్లు గడిచాక పద్నాలుగు వేలూ పిల్లకే.

చివరి పేజీలో హామీదారు సంతకం గడి ఖాళీగా ఉంది. పక్కన పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు, బ్యాంకువాళ్లు సంతకం ఎక్కడో చూపించడానికి పెట్టేది. దాని పక్కన ఒక్కటే మాట, 'మాస్టారు'.

ఫోన్ చేశాను.

"ఏం మాస్టారూ, నా లెక్కలో తప్పు పట్టారా?"

"లేదు అన్నయ్యగారూ. సరిగ్గా ఉంది." ఆ రెండు మాటలూ పన్ను పీకినట్టు బయటికొచ్చాయి. "హామీ మీరే ఉండొచ్చుగా? మీ పింఛను పెద్దది."

"పింఛనుదేముందండీ, అది మీ చోటు." అన్నాడాయన. "మావాడు నన్ను ఏ లెక్కా అడగడు మాస్టారూ. కారు కూడా కొన్నాకే చెప్పాడు. మీ పిల్ల నాకు పెన్సిల్ చెక్కిచ్చి గంటసేపు పక్కన కూర్చుంది. మీరు అదృష్టవంతులండీ."

ఆయన గొంతులో వినిపించిందేమిటో నాకు వెంటనే తెలిసిపోయింది. ఇన్నేళ్లుగా నా దగ్గరున్నదేగా.

అమ్మాయి అప్పు గడిలో నాలుగు లక్షలని రాసింది. నేను ఆయన గుర్తు పక్కనే సంతకం పెట్టాను. నా సంతకం వంకరగా వచ్చింది. ఆ ఇంటూ గుర్తు మాత్రం ఎంత తీర్చినట్టుందో! దాన్ని చూస్తే మళ్లీ కాస్త కుళ్లొచ్చింది.