సూర్యుడికి వీపు పెట్టిన చలికాలం

నేను ఒక సోలార్ ప్యానెల్‌ని. ఉద్యోగం చాలా సులువు: ఎండలో నిలబడటం. ఒక్కటే ఇబ్బంది, మాకు మెడ తిరగదు. ఎటు తిప్పి బిగిస్తే జీవితాంతం అటే చూడాలి. కాబట్టి మా బతుకు బాగుపడటమైనా పాడవటమైనా, మమ్మల్ని నిలబెట్టిన చేతిలో ఉంటుంది.

పుట్టింది చైనాలో, ఈ చివర నుంచి ఆ చివర కనపడని ఒక షెడ్డులో. అప్పడం కన్నా పల్చటి ముక్కలు అరవై పేర్చి, పైన అద్దం అతికించి, చుట్టూ అల్యూమినియం చట్రం బిగించారు. చివర్లో ఒక అమ్మాయి నన్ను చీకటి పెట్టెలోకి తోసి, లోపల కరెంటు పంపించి, ఎక్కడైనా బీట ఉందేమోనని వెతికింది. లేదు. ఆవలించి ముద్ర కొట్టింది. నన్ను అంత శ్రద్ధగా చూసిన మనిషి మళ్ళీ ఏడేళ్ళ దాకా దొరకలేదు.

ఓడెక్కి, ఆస్ట్రేలియా అడుగున ఉన్న టాస్మేనియా దీవికి చేరాను. హోబార్ట్‌లో ఒక రిటైరైన జంట మమ్మల్ని కప్పు మీద పెట్టించుకున్నారు. కిటికీ పక్కనే కూర్చుని, బయట ఎండ ఎంతుందో ఫోన్లో చూసుకునేవాళ్ళు. మనుషులు అంతే, కళ్ళని నమ్మరు, అంకెల్ని నమ్ముతారు. ఏడేళ్ళయ్యాక పక్కింటివాళ్ళు కొత్త రకం ప్యానెళ్ళు పెట్టించారు. నాకే జబ్బూ లేదు. అయినా ఆ నెలలోనే మమ్మల్ని దింపేశారు.

అప్పుడొచ్చాడు ఓబులేశు.

ముప్పై ఏడేళ్ళ మనిషి. అడిగి తెచ్చుకున్న ట్రక్కు. మా పద్నాలుగు మందినీ ఒక్కొక్కరినే ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు. అంచుల్లో నాచుని చొక్కా చేత్తోనే తుడిచాడు. తర్వాత తెలిసింది, ఆ చేతులు మావాళ్ళని వేలమందిని ఎత్తాయని.

అతనిది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. వాళ్ళ నాన్నకి తొమ్మిదెకరాల వేరుశనగ చేను. అక్కడ శెనిక్కాయ అంటారు. సోలార్ పార్కు వచ్చినప్పుడు ఊరంతా పొలాలు కౌలుకిచ్చేసింది. ఆయనా సంతోషంగానే ఇచ్చాడు, ఇక మబ్బుల వైపు చూసే బాధ తప్పిందని. అప్పుడే చదువు ముగించిన కొడుక్కి ఆ పార్కులోనే సూపర్‌వైజర్ ఉద్యోగం. అలా, తను చిన్నప్పుడు కాయలు ఏరుకున్న చేనులో మొదటి స్తంభం తనే పాతించాడు. నాన్న ఏమీ బాధపడలేదు. ఎందుకోగానీ కొడుక్కే అది గొంతులో ముల్లులా ఉండిపోయింది. మెల్‌బోర్న్‌లో పదేళ్ళు ఆఫీసు ఉద్యోగం చేసినా దిగలేదు. చివరికి ఆ ఉద్యోగం వదిలి, మళ్ళీ మన్ను పట్టుకోవాలని ఈ దీవికొచ్చాడు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఓబులేశు మాతో మాట్లాడతాడు. ఎద్దుల్ని కడిగేటప్పుడు మాట్లాడినట్టు.

కరెంటు స్తంభాలు ఆగిపోయిన చోట నుంచి ఇంకా నాలుగు కిలోమీటర్లు పోతే, కొండ వాలులో అతను కొన్న ఐదెకరాలు. రెండు గదుల చెక్క ఇల్లు, వాన నీళ్ళ తొట్టి, కట్టెల పొయ్యి. మమ్మల్ని ట్రక్కు నుంచి దింపుతుంటే భార్య సుభాషిణి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె అతనికి సొంత మేనమామ కూతురు. అందుకే మొహమాటం లేదు.

"ఒక్క ఏడాది, బావా. ఈ ఏప్రిల్ నుంచి వచ్చే ఏప్రిల్‌కి. ఈ మన్నులో నీ శెనిక్కాయ పండితే ఉంటాం. పండలేదనుకో, మూటాముల్లె సర్దుకుని పోతాం. దిగాలుగా కూచ్చునేది ఆ మెల్‌బోర్న్ ఫ్లాట్‌లోనే కూచ్చో. ఆడ హీటరన్నా ఉంటాది."

"పండిస్తా లే."

"చలిలో శెనిక్కాయ! మీ నాయన వింటే నగుతాడు."

"నగనీ."

వాళ్ళ ఎనిమిదేళ్ళ కూతురు ఆమని ఇద్దరి మధ్యా నిలబడి, టెన్నిస్ చూసినట్టు తల అటూ ఇటూ తిప్పింది.

ఆ వారమంతా వాన. ఆకాశం తడి గోనెసంచిలా వేలాడింది. వానలోనే ఓబులేశు గుంతలు తవ్వి, కాంక్రీటు పోసి, చట్రాలు నిలబెట్టి, మమ్మల్ని బిగించాడు. ఎంత నీటుగా చేశాడో చెప్పలేను. తాడు పట్టినట్టు ఒకే వరస. దిక్సూచి తీసి చూసి, వంపు కొలిచి, చివరి బోల్టు బిగించి, చేతులు దులుపుకున్నాడు. దక్షిణం. కొలిచి గీసినట్టు దక్షిణం.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. అనంతపురంలో సూర్యుడు ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణానికి ఒరిగి నడుస్తాడు. టాస్మేనియా భూమికి అవతలి సగంలో ఉంది. ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపు నుంచి వస్తాడు. స్కూలు పుస్తకంలో ఉండే విషయమే. ఓబులేశు తలకి తెలుసు, పరీక్షలో రాశాడు కూడా. చేతులకి తెలియదు. హోబార్ట్ కప్పు మీద ఏడేళ్ళు ఉత్తరం చూసిన నాకు తెలుసు. కానీ ఏం చేయను, ప్యానెళ్ళకి నోరు పెట్టలేదు.

అలా చలికాలం నడిమి దాకా సూర్యుడికి వీపు పెట్టి నిలబడ్డాను. మధ్యాహ్నాలు వెనక రేకు మీద వెచ్చదనం తగిలేది. ఆత్మీయులు ఇంటికొచ్చి వెనక గుమ్మంలో కూర్చుని వెళ్ళిపోయినట్టుండేది. ముఖం మీద మాత్రం మంచు గడ్డకట్టి, సాయంత్రం దాకా కరిగేది కాదు.

ఇంట్లో రెండు బల్బులు వెలిగితే పండగ. ఊరిబిండి పచ్చడి చేద్దామని సుభాషిణి మిక్సీ నొక్కిందంటే ఆ రెండూ ఆరిపోయేవి. తిట్టుకుంటూ రోట్లో దంచేది. ఓబులేశు యాపిల్ షెడ్డులో పనికి చీకటితో వెళ్ళి చీకటితో వచ్చేవాడు, ఇంటిని పగలు చూసేది ఆదివారాలే. ఆదివారాలు వానలు. ఒక ఆదివారం బ్యాటరీల తప్పన్నాడు. ఇంకో ఆదివారం వైర్లు మార్చాడు. ఇంకోసారి పాత సరుకు, మోసపోయానన్నాడు. ఆ మాటకి నేను పడ్డ బాధ ఎవరికి చెప్పను?

జూన్ చివర్లో ఒక ఆదివారం ఆకాశం తేటపడింది. గాజులా ఎండ. ఓబులేశు గొడ్డలి తీసుకుని నేరుగా నా ఎదురుగా ఉన్న యూకలిప్టస్ దగ్గరికి నడిచాడు.

"ఈ సెట్టే, సుభా! దీని నీడ పడతాంది ప్యానెళ్ళ మింద. దీన్ని కొట్టేస్తే సరి."

సుభాషిణి ఇంటికి ఉత్తరం వైపు తీగ మీద బట్టలు ఆరేస్తోంది. నోట్లో క్లిప్పు తీసి అంది. "బావా. దాని నీడ యాడుందో ఒకసారి సూడు."

చెట్టు నీడ మా వైపు లేదు. అటు, ఇంకా దక్షిణంగా, లోయలోకి పొడుగ్గా సాగి పడుకుని ఉంది.

"ఇంకోటి గూడా సూడు. కోళ్ళు యాడ కూచ్చున్నాయి?"

తొమ్మిది కోళ్ళూ మా వెనక, ఉత్తరం వైపు గడ్డిలో, రెక్కలు పరుచుకుని ఎండ కాగుతున్నాయి. ముందు వైపు ఒక్కటీ లేదు.

గొడ్డలి చేతిలోనే ఉండిపోయింది. ఓబులేశు చెట్టుని చూశాడు. సూర్యుణ్ణి చూశాడు. తన చేతుల్ని చూసుకున్నాడు.

"నాన్నా, మా స్కూల్ మీద కూడా ప్యానెల్స్ ఉన్నాయి. అవి అటు చూస్తాయి," అంది ఆమని, ఉత్తరం వైపు చెయ్యి చూపించి. "నీవి స్పెషల్ అనుకున్నా."

సుభాషిణికి నవ్వు పొంగుకొచ్చింది. పెదవి కొరుక్కుంది. అప్పుడు అతని ముఖం కనపడి, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఓబులేశు తడి గడ్డిలో కూర్చుండిపోయాడు.

"గుంత తవ్వేటప్పుడు అనుకుంటనే ఉండాను సుభా," అన్నాడు. "ఇదంతా కొత్తగా లేదే, చెయ్యి దానంతటదే పోతాందే, అని. ఇప్పుడు తెలిసింది. నేను ఈడ తవ్వలేదు. మా నాయన చేన్లోనే తవ్వుతా ఉండా."

సుభాషిణి తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుని పక్కన కూర్చుంది. అతని చేతిలోంచి గొడ్డలి తీసి పక్కన పెట్టింది. 

"సరే లే," అంది. "సూర్యుడు మన ఊరోడే గదా, ఈడ ఇంకో పక్క నుంచి వస్తాడు, అంతే. తిప్పుదాం పట్టు."

తిప్పారు. కాంక్రీటు పోసిన స్తంభాలు కదలవు కాబట్టి, పైన చట్రాలు విప్పి, దిశ మార్చి బిగించాలి. పన్నెండు మంది క్షేమంగా తిరిగారు. పదమూడోది నేను. చలికి కొంకర్లు పోయిన ఓబులేశు వేళ్ళ నుంచి జారి, రాయి మీద పడ్డాను. అద్దం అంతా ఒక్కసారిగా సాలెగూడులా పగిలింది. చట్రంలోంచి ముక్క కూడా రాలలేదు గానీ, నా పని అయిపోయింది. ఓబులేశు వైర్లు కత్తిరించి, అరచేత్తో ఒకసారి తడిమి, కోళ్ళగూటికి ఆనించి వెళ్ళాడు.

ఆ వారంలోనే ఇంట్లో మిక్సీ తిరిగిన చప్పుడు వినపడింది. నాకు సంతోషమే. కానీ గూటి గోడ వైపు తిరిగి ఉండి, మిగతావాళ్ళ ముఖాల మీద ఎండ పడుతుంటే వినడం... ఎండ చప్పుడు చేయదనుకుంటారు మీరు. చేస్తుంది. వేడెక్కినప్పుడు చట్రాలు టిక్కుమంటాయి. ఆ టిక్కులు లెక్కపెట్టుకుంటూ మిగతా చలికాలం గడిపాను.

నవంబరులో ఓబులేశు చిన్న మడి చేసి శెనిక్కాయ విత్తాడు. ఊరి నుంచి తెప్పించుకున్న విత్తనాన్ని ఏనాడో విమానాశ్రయంలో కుక్క వాసన పట్టి అధికారులకి అప్పగించింది కాబట్టి, ఇవి ఆస్ట్రేలియాలోనే క్వీన్స్‌లాండ్‌లో పండిన గింజలు. మూడు వారాలైనా ఒక్కటీ పైకి రాలేదు. తవ్వి చూస్తే మెత్తగా కుళ్ళిపోయి ఉన్నాయి. గట్టు మీద కూర్చుని మట్టిని వేళ్ళతో నలిపాడు.

"ఈ మన్నుకి నేనెవురో తెలీదు, సుభా. సిటీకి పోదాం లే. నువ్వే గెలిచినావు."

సుభాషిణి కోళ్ళకి నూకలు చల్లుతోంది. "మన్నుకి మనుషులతో పనేంది బావా? ఎచ్చగా ఉంటే మొలుస్తాది, లేకుంటే లేదు. ఇంకెన్ని ఇత్తనాలుండాయి?"

"గుప్పెడు."

ఆమె నా వైపు చూసింది. అప్పటికి కొన్ని రోజులుగా కోళ్ళు నన్ను తోసి తోసి పక్కకి పడేశాయి. ఎండలో వెల్లకిలా పడి ఉన్నాను, నన్ను ఆనుకుని మూడు పెట్టలు కళ్ళు మూసుకుని కూర్చున్నాయి. వాటిని అదిలించి, నా అద్దం మీద చెయ్యి పెట్టింది. చటుక్కున తీసేసింది, కాలింది.

"ఆమనీ, ఇట్ల రా. ఆ చివర పట్టుకో. గాజు గుచ్చుకుంటాది, భద్రం."

ఓబులేశు మళ్ళీ ఓడిపోతే హీటరున్న ఫ్లాట్ దొరికే మనిషి, తన పందేన్ని తనే చెడగొట్టుకోడానికి నన్ను ఈడ్చుకుంటూ పోయింది. మనుషుల్ని ఇన్నేళ్ళు చూశాను, ఈ ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టలేదు. మడికి దక్షిణం గట్టున, ఉత్తరం వైపు ముఖం పెట్టి నన్ను నిలబెట్టారు. దక్షిణపు చలిగాలి నా వీపు దాటి పోలేదు. పగలంతా తాగిన ఎండని పంపడానికి నాకు వైరు లేదు కాబట్టి, చీకటి పడ్డాక కూడా మెల్లగా మట్టికే ఇచ్చుకున్నాను.

ఆ గుప్పెడు గింజల్లో ఇరవై రెండు మొలిచాయి. జనవరిలో పసుపుపచ్చ పూలు. ఊడలు నేలలోకి దిగుతున్నప్పుడు ఓబులేశు కూతుర్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి చూపించాడు. "పువ్వు పైన, కాయ కింద. ఇట్లాంటి మొక్క ఇంకోటి లేదు పాపా." పనినుంచి వచ్చాక రోజూ నా పక్కన కూర్చుని, నేను చూసే వైపే చూసేవాడు. అటు కొండలు, వాటి వెనక సముద్రం, ఇంకా ఎంతో దూరాన అతని నాన్న చేను. ఆ చూపులో బెంగ తగ్గలేదు. తగ్గుతుందని నేనూ అనుకోలేదు.

ఏప్రిల్ మూడో వారంలో మంచు మొదలవబోతుంటే మొక్కలు పీకారు. అన్నీ కలిపి రెండు దోసిళ్ళు కూడా లేవు. నా ముందు గోనెపట్టా పరిచి ఐదు రోజులు ఆరబెట్టారు. ఆరో రోజు ముగ్గురూ దాని చుట్టూ కూర్చున్నారు. ఓబులేశు ఒక కాయ చిదిపి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు నమిలాడు. తర్వాత ఆమని చేతిలో ఐదు, సుభాషిణి చేతిలో ఐదు కాయలు పెట్టాడు.

"ఇన్నేనా తినేకి?" అంది సుభాషిణి.

"తక్కినవి ఇత్తనానికి." తల ఎత్తకుండా గుడ్డలో పోస్తున్నాడు.

"ఇత్తనానికా?"

అతని చేతులు ఆగాయి. ఏడాది అయిపోయిందని ముగ్గురికీ తెలుసు. ఓబులేశు ఆ చిన్న కుప్పని వేళ్ళతో సవరించాడు.

సుభాషిణి తన అరచేతిలోని ఐదు కాయల్నీ చూసుకుంది. ఒకటి చిదిపి కూతురి నోట్లో పెట్టింది. మిగతా నాలుగూ గుడ్డలో వేసింది.

"గట్టిగా కట్టు బావా," అంది లేస్తూ. "ఈడ ఎలకలు జాస్తి."

నవంబరు దాకా నాకిక పని లేదు.